పొద్దుటి నొప్పి వేరు, సాయంత్రం నొప్పి వేరు

చిన్నీ, బంటీ,

మొన్న సెలవుల్లో బంటిగాడు అడిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. "అమ్మమ్మా, పొద్దున కాఫీపొడి డబ్బా మూత కూడా తియ్యలేవు. పదకొండింటికి కూర్చుని మాగాయ ముక్కలు తరుగుతావు. సాయంత్రం మళ్ళీ కుంటుతావు. యాక్షనా?" అన్నాడు. యాక్షనేం కాదురా. నాకు కీళ్లవాతాలు రెండున్నాయి. రెండింటి టైమింగులూ వేరు.

మొదటిది రుమటాయిడ్ ఆర్థరైటిస్. మన వీధి కుక్క గుర్తుందా? మామయ్య హెల్మెట్ పెట్టుకుని వచ్చిన రోజు, తనకి రోజూ అన్నం పెట్టే మనిషినే గుర్తుపట్టక పిక్క పట్టేసింది. ఇదీ అంతే. రోగాలు రాకుండా ఒంటికి కాపలా కాసే వ్యవస్థ, కీళ్ల లోపలి మెత్తటి పొరను పరాయిదనుకుని దాని మీద పడుతుంది. ఆ పొర వాచి లావెక్కి, వదిలేస్తే ఎముకను కూడా తినేస్తుంది. రాత్రంతా కదలకుండా పడుకుంటాం కదా, లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. నాకైతే గంటన్నర పడుతుంది. టూత్ బ్రష్ పట్టు చిక్కదు. వేణ్ణీళ్లలో ముంచి ఆడిస్తూ ఉంటే మెల్లగా వదులవుతాయి.

రెండోది ఆస్టియో ఆర్థరైటిస్. "మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది" అంటారే, అదే. నిజానికి అక్కడ గుజ్జేమీ ఉండదు. చికెన్ లెగ్ పీస్ తినేశాక ఎముక చివర తెల్లగా, నున్నగా ఒకటి కనిపిస్తుంది, బంటి దాన్ని కూడా వదలకుండా కొరుకుతాడు. దాని పేరు మృదులాస్థి. మన మోకాళ్లలోనూ ఉండేది అదే. అది పలచబడి గరుకెక్కితే నొప్పి. పొద్దున ఓ పది నిమిషాలు పట్టేసి వదిలేస్తుంది కానీ, నడిచేకొద్దీ, మెట్లెక్కేకొద్దీ పెరుగుతుంది. సాయంత్రం నా కుంటుడు దాని వల్లే.

ఈసారి వచ్చినప్పుడు నా కుడిచెయ్యి మెల్లగా పట్టుకుని చూడండి. పిడికిలి బిగిస్తే పైకి లేచే కణుపులూ, వేళ్ల మధ్య కణుపులూ మెత్తగా వాచి, ముట్టుకుంటే వెచ్చగా ఉంటాయి. అది మొదటిదాని పని. గోటి దగ్గరి కణుపుల మీద చిన్న బఠానీ గింజలంత గట్టి బుడిపెలున్నాయి. అవి రెండోదానివి. ఆ బుడిపెలకు హెబర్డెన్ అనే లండన్ డాక్టరు పేరు పెట్టారు. ఆయన పోయాక 1802లో వచ్చిన పుస్తకంలో, వీటికీ గౌట్‌కీ సంబంధం లేదని రాసిపెట్టాడు. గౌట్ ఇంకో రకం, యూరిక్ యాసిడ్ పలుకులు కీళ్లలో చేరి వస్తుంది, చాలామందికి కాలి బొటనవేలితో మొదలవుతుంది. అది నాకు లేదులెండి. ఉన్నవి చాలు.

నాకు ముందు వచ్చింది మోకాళ్ల నొప్పులే. ఆ తర్వాత చేతులు వాస్తే, చూసిన డాక్టరు "వయసమ్మా" అని పంపేశాడు. నేనూ నమ్మాను. ముగ్గు వేస్తుంటే వేళ్ల మధ్య పిండి నిలవక గీత లావుగా పడేది. సబ్బు రాసినా ఉంగరం ఊడిరాలేదు. ఏడాది గడిచాక రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతాల డాక్టరు, రక్తపరీక్షలు చేయించి తేల్చారు. రుమటాయిడ్‌కి మందు ఎంత త్వరగా మొదలుపెడితే కీళ్లు అంత దక్కుతాయట. నా చిటికెనవేలు పక్కకి వాలి ఉంటుందే, అది ఆ ఏడాది చలవే.

ఆ తర్వాత తప్పు నాది. మందుతో చేతులు తేలికపడ్డాయి, మోకాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. మందు పనిచెయ్యట్లేదని రెండు నెలలు మానేశాను. చేతులు మళ్ళీ వాచాయి! ఆ మందు రుమటాయిడ్‌కే. అరిగిన మృదులాస్థిని మళ్ళీ పెంచే మాత్రంటూ లేదు.

క్యాలెండర్‌లో ఆదివారాలకు సున్నాలు చుట్టి ఉంటాయి చూడండి, అవి ఆ రుమటాయిడ్ మందువి, దాని పేరు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. ఆ డబ్బా ముట్టుకోవద్దని కోప్పడింది అందుకే. మర్నాడు ఫోలిక్ యాసిడ్, మధ్యమధ్య లివర్‌కీ, రక్తకణాలకీ పరీక్షలు.

మోకాళ్లకేమో కుర్చీలో కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టాలి. తొడ కండ గట్టిపడితే మోకాలికి భారం తగ్గుతుంది. చిన్నీ లెక్కపెడితే ఏడు తర్వాత పదే వస్తుంది, అలా కుదరదమ్మా. పక్కింటి పిన్నిగారు వంకాయ వాతం, మానెయ్యమంటారు. డాక్టరు వంకాయ ఊసెత్తలేదు, బరువు తగ్గమన్నారు. వంకాయ హాయిగా తింటున్నాను, బరువు దగ్గరే వస్తోంది చిక్కు.

"మాకూ వస్తుందా?" అని చిన్నీ మెల్లగా అడిగింది. ఇంట్లో ఒకరికుంటే అవకాశం కాస్త పెరుగుతుంది, వచ్చితీరుతుందని కాదు. పదహారేళ్లలోపు పిల్లలకు వచ్చే రకం వేరే ఉంది. మీ క్లాసులో ఎవరైనా పొద్దున్నే కుంటుతూ వచ్చి, మధ్యాహ్నం ఆటల పీరియడ్‌లో పరిగెడుతుంటే, బంటీ, నన్నడిగిన మాట వాళ్లని అడక్కు.

రోడ్డు దాటేటప్పుడు నా వేళ్లు పట్టుకోకండి, మోచెయ్యి పట్టుకోండి. సంక్రాంతికి జంతికల గొట్టం నొక్కడం ఈసారి మీ వంతు. పిండి నేను కలుపుతాను. ఆ మాట పదకొండయ్యాక ఎత్తండి, ఎనిమిదింటికి మాత్రం కాదు.

మీ అమ్మమ్మ