కూడలిలో కొలబద్ద మారిన కథ

నగర కౌన్సిల్ ఎజెండాలో అది ఒక్క వరుసలో తేలిపోతుంది. ఫలానా రెండు రోడ్లు కలిసే కూడలిలో మెరుగుదల పనులు, పర్యావరణ పత్రానికి ఆమోదం, టెండర్లు పిలవడానికి అనుమతి. కాలిఫోర్నియా నగరాల్లో ఇలాంటివి చాలాసార్లు ‘కన్సెంట్ క్యాలెండర్’లో ఉంటాయి. పది పన్నెండు అంశాలను మూటగట్టి, చర్చ లేకుండా ఒకే ఓటుతో దాటించేసే జాబితా అది. ఈ ఒక్కటీ విడిగా తీయండి అని ఎవరైనా అడిగితేనే దాని మీద మాట నడుస్తుంది. అడిగేవాళ్లు సాధారణంగా ఆ మూల మీద ఇల్లున్నవాళ్లు, లేదంటే అక్కడి చెట్లను లెక్కపెట్టుకున్నవాళ్లు.

ఫైల్ తెరిస్తే ఒక తమాషా కనిపిస్తుంది. పాతికేళ్ల కిందటి కాగితాల్లో ఎడమ మలుపుకు ఇంకో లేన్ వేయడమంటే పర్యావరణ నష్టానికి విరుగుడు. (అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి కనుక ఎదురుగా వచ్చేవాళ్లను దాటి ఎడమకు తిరగడమే కష్టం.) ఇప్పటి కాగితాల్లో అదే లేన్ గురించి ‘దీనివల్ల జనం బండ్లు ఇంకా ఎక్కువ తిప్పుతారా’ అన్న ప్రశ్న ఉంటుంది. కూడలి అదే, తారు అదే, చట్టమూ అదే. మారింది కొలబద్ద.

మొదట్లో కూడలి గొడవంతా ప్రాణాల గురించే. గాలి, నీరు అన్న ధ్యాస లేదు. 1868 డిసెంబరులో లండన్‌లో పార్లమెంటు దగ్గర గ్యాస్ దీపంతో వెలిగే సిగ్నల్ స్తంభం నిలబెట్టారు. రైల్వే ఇంజినీరు జాన్ పీక్ నైట్ ఆలోచన అది. నెల తిరిగేసరికి గ్యాస్ లీకై పేలింది, దాన్ని తిప్పుతున్న పోలీసు గాయపడ్డాడు. ఆ ప్రయోగం అక్కడితో మూలపడింది. విద్యుత్ సిగ్నల్ 1914 ఆగస్టు 5న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో వెలిగింది. ఈలోగా 1905లో న్యూయార్క్ కొలంబస్ సర్కిల్‌లో బండ్లన్నీ ఒకే దిక్కున చుట్టూ తిరగాలన్న పద్ధతి వచ్చింది. లోపల తిరుగుతున్న బండికే ముందు దారి ఇవ్వాలన్న నియమం మాత్రం బ్రిటన్‌లో 1966లో గానీ రాలేదు. ఆ చిన్న నియమం లేకనే అన్నాళ్లూ పాత సర్కిళ్లు బిగుసుకుపోయేవి.

అసలు మలుపు 1965లో ఉంది. ఆ ఏడాది అమెరికాలో రోడ్ల సామర్థ్యం లెక్కకు ఇంజినీర్లు వాడే చేతిపుస్తకం ‘హైవే కెపాసిటీ మాన్యువల్’ కొత్త కూర్పు వచ్చింది. రోడ్డు ఎంత సాఫీగా నడుస్తోందో చెప్పడానికి, బడిపిల్లల ప్రోగ్రెస్ కార్డులా, ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు గ్రేడులు పెట్టింది. పేరు ‘లెవెల్ ఆఫ్ సర్వీస్’. సిగ్నల్ ఉన్న కూడలికి తర్వాతి కూర్పుల్లో కుదురుకున్న లెక్క ఇలా ఉంటుంది. సిగ్నల్ వల్ల ఒక్కో బండికి సగటున పడే ఆలస్యం 10 సెకన్ల లోపైతే ఏ, 20 దాకా బీ, 35 దాకా సీ, 55 దాకా డీ, 80 దాకా ఈ. 80 దాటితే ఎఫ్.

ఇంజినీరుకు ఇదొక పనిముట్టు, అంతే. డీ కంటే దిగకూడదని మాన్యువల్ ఎక్కడా శాసించలేదు. ఆ గీత గీసుకున్నవి నగరాలు, కౌంటీలే. తమ జనరల్ ప్లాన్‌లలో (ఊరు ఎలా ఎదగాలో చెప్పే దీర్ఘకాలిక ప్రణాళికలు) ‘మా కూడళ్లన్నీ డీ గ్రేడు నిలబెట్టుకోవాలి’ అని రాసుకున్నాయి, కొన్ని సీ అని పట్టుబట్టాయి. ఎఫ్ అంటే ఫెయిల్ అని చిన్నప్పటి నుంచి నూరిపోసుకున్న దేశంలో, తమ ఊరి కూడలికి ఎఫ్ వచ్చిందని ఒప్పుకునే కౌన్సిల్ సభ్యుడు ఎక్కడ దొరుకుతాడు? అంకెలతోనే సరిపెట్టి అక్షరాలు వాడకపోయి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేదేమో అనిపిస్తుంది నాకు.

ఈ లెక్కలో ఇంకో మెలిక ఉంది. సెకన్లు బండికి పడతాయి, మనిషికి కాదు. యాభై మందిని ఎక్కించుకున్న బస్సూ ఒకే బండి, ఒంటరిగా కూర్చున్న డ్రైవరు కారూ ఒకే బండి. రోడ్డు దాటడానికి మూల మీద నిలబడ్డవాడి నిరీక్షణ ఆ సగటులోకే రాదు.

ఇంతలో పర్యావరణ చట్టాలు వచ్చాయి. జాతీయ పర్యావరణ విధాన చట్టం మీద నిక్సన్ 1970 జనవరి 1న సంతకం పెట్టాడు. అదే ఏడాది కాలిఫోర్నియా గవర్నరుగా ఉన్న రోనాల్డ్ రీగన్ రాష్ట్ర పర్యావరణ నాణ్యత చట్టం మీద సంతకం చేశాడు. అందరూ ‘సీక్వా’ అని పిలిచేది దీన్నే. పనికి అనుమతి ఇచ్చేముందే దానివల్ల పర్యావరణానికి కలిగే నష్టాన్ని సమీక్షించాలన్నది దాని సారం. ప్రభుత్వం కట్టే పనులకే ఇది వర్తిస్తుందని మొదట్లో అనుకున్నారు. మోనో కౌంటీలోని మామత్ దగ్గర కట్టదలచిన భవనాల కేసులో 1972లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తిప్పికొట్టింది. ప్రభుత్వ అనుమతి కావాల్సిన ప్రైవేటు కట్టడానికీ సమీక్ష తప్పదంది. లాస్ ఏంజెలిస్ చమురు బావుల కేసులో 1974లో ఇంకో మెట్టు ఎక్కింది: గణనీయమైన నష్టం జరగవచ్చని సహేతుకంగా వాదించగలిగే ఆధారం ఉంటే చాలు, పూర్తి పర్యావరణ ప్రభావ నివేదిక రాయాల్సిందే.

మరి రోడ్ల విషయంలో నష్టమంటే ఏమిటి? సిద్ధంగా ఉన్న కొలత ఒక్కటే, ఆ ఆరు అక్షరాలు. సీక్వా ప్రశ్నావళిలో ట్రాఫిక్ భాగానికి అవే వచ్చి కూర్చున్నాయి. అలా కారు ఆలస్యం కావడమే పర్యావరణ నష్టంగా నమోదైంది.

ఇది వట్టి తెలివితక్కువతనం కూడా కాదు. ఆనాటి బండ్ల పొగలో కార్బన్ మోనాక్సైడ్ విపరీతంగా ఉండేది. ఎర్రలైటు దగ్గర ఇంజన్లు ఆపకుండా నిలబడితే ఆ మూలన గాలి నిజంగానే విషమయ్యేది. అందుకే ఫెడరల్ నిబంధనలు కూడా డీ, ఈ, ఎఫ్ గ్రేడు కూడళ్ల దగ్గర ఆ వాయువును ప్రత్యేకంగా లెక్కకట్టమన్నాయి. అయితే 1975 మోడళ్ల నుంచి క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చి ఆ విషం ఏటేటా తగ్గుతూ పోయింది. గాలి మారింది, ఫారం మారలేదు.

ఫలితం ఎలా ఉండేదంటే, ఊరి నడిబొడ్డున బస్సు స్టాపు పక్కనే నాలుగంతస్తుల ఇళ్లు కట్టాలని ఎవరైనా వస్తారు. అక్కడి కూడలి అప్పటికే డీ అంచున ఉంటుంది. ఈ ఇళ్ల నుంచి వచ్చే కొద్దిపాటి కార్లతో అది ‘ఈ’ గ్రేడులోకి జారుతుంది. గణనీయమైన ప్రభావం, పూర్తి నివేదిక, విరుగుడుగా కూడలి విస్తరణ. ఊరికి పదిహేను మైళ్ల దూరాన పొలాల్లో వేసే కాలనీకైతే చుట్టూ ఖాళీ రోడ్లు, ‘ఏ’ గ్రేడు కూడళ్లు. అక్కడి నుంచి ప్రతి మనిషీ రోజూ ముప్ఫై మైళ్లు కారు నడిపినా ఆ లెక్కలో చిక్కడు. పర్యావరణం కోసం పుట్టిన చట్టం ఊళ్లను పొలాల్లోకి నెట్టడమంటే ఇదే.

దీన్ని శాన్‌ఫ్రాన్సిస్కో అందరికంటే ఘాటుగా రుచి చూసింది. నగరం వేరే సమీక్ష అక్కర్లేదంటూ సైకిల్ ప్రణాళికను ఆమోదించింది. ఒక లేన్ తీసి సైకిళ్లకిస్తే కార్లు ఆగిపోతాయి కదా, అది పర్యావరణ ప్రభావం కదా అని కొందరు కోర్టుకెళ్లారు. 2006లో నిషేధ ఉత్తర్వు వచ్చింది. పూర్తిగా ఎత్తేసింది 2010 ఆగస్టులో. ఆ నాలుగేళ్లలో చాలాకాలం ఊళ్లో కొత్త సైకిల్ లేన్లు లేవు, సైకిల్ స్టాండు బిగించడానికి కూడా వీల్లేకపోయింది.

ఇంతకీ విస్తరణ అంటే ఏం జరుగుతుందో నక్షా దగ్గరగా పెట్టుకుని చూస్తే తెలుస్తుంది. కొత్త మలుపు లేన్ వెడల్పు సుమారు 12 అడుగులు. ఆ 12 అడుగులు ఎక్కడి నుంచైనా రావాలి. ముందు కాలిబాట పక్కన చెట్లున్న మట్టి పట్టీ పోతుంది, తర్వాత కాలిబాట లోపలికి జరుగుతుంది. కరెంటు స్తంభం, సిగ్నల్ పెట్టె, వాననీటి జాలీ, చక్రాల కుర్చీ దిగే వాలు అన్నీ కొత్త చోటికి మారతాయి. అంచనాల్లో డబ్బు తినేది తారు కంటే ఈ మార్పిడులే. రోడ్డు దాటేవాళ్ల నడక వేగాన్ని సిగ్నల్ లెక్కల్లో సెకనుకు 3.5 అడుగులుగా తీసుకుంటారు. అంటే 12 అడుగుల లేన్‌కు దాదాపు మూడున్నర సెకన్లు, కుడి మలుపుకూ ఒకటి కలిపితే ఏడు సెకన్లు. నడిచేవాళ్లకు ఇచ్చే ఆ సెకన్లను మిగతా దిక్కుల పచ్చలైటు నుంచే కోయాలి. వెడల్పు చేసి సంపాదించిన సమయంలో కొంత ఆ వెడల్పే తినేస్తుంది.

చెట్ల సంగతికొస్తే కాలిఫోర్నియా ఫైళ్లలో తరచూ ఎదురయ్యే షరతు ఒకటి ఉంది. ఫిబ్రవరి 1 నుంచి ఆగస్టు 31 వరకు గూళ్ల కాలం. ఆ రోజుల్లో కొట్టక తప్పకపోతే ముందుగా జీవశాస్త్ర నిపుణుడు వచ్చి గూళ్లు వెతకాలి, గూడుంటే పిల్లలు ఎగిరిపోయేదాకా చుట్టూ పని ఆపాలి. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఇది గూటిని కాపాడుతుంది, చెట్టును కాదు. సెప్టెంబరులో రంపం రావడానికి అడ్డేమీ లేదు.

నీటి మాట ఇంకా ఆలస్యంగా వచ్చింది. స్వచ్ఛ జల చట్టానికి 1987లో చేసిన సవరణల తర్వాతే పట్టణ వాననీటి కాలువలకు అనుమతులు తప్పనిసరయ్యాయి. తారు పెరిగితే నీరు ఇంకదు, టైర్ల పొడినీ నూనెనూ కడుక్కుంటూ వాగులోకి పోతుంది. టైర్లు పెళుసెక్కకుండా కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి కోహో సాల్మన్ చేపలను చంపే పదార్థంగా మారుతోందని 2020లో వాషింగ్టన్ రాష్ట్ర పరిశోధకులు బయటపెట్టారు. వాన పడగానే వాగుల్లో చేపలు ఎందుకు తేలుతున్నాయో అప్పటిదాకా ఎవరికీ అంతుపట్టలేదు. కూడలి ఫైళ్లలో ఇలాంటి విషయానికి గడి అంటూ ఏదీ ఉండేది కాదు.

కొలబద్దను మార్చిన చట్టం కాలిఫోర్నియా సెనేట్ బిల్లు 743, క్లుప్తంగా ఎస్‌బీ 743. గవర్నర్ జెర్రీ బ్రౌన్ 2013 సెప్టెంబరులో సంతకం చేశాడు. శాక్రమెంటో బాస్కెట్‌బాల్ స్టేడియానికి దారి సుగమం చేసే ఏర్పాట్లు కూడా అదే బిల్లులో ఉన్నాయి. జనం ఎక్కువగా మాట్లాడుకున్నది దాని గురించే. దాని పక్కన ఒదిగి వచ్చిన వాక్యం మాత్రం పెద్దది: కార్ల ఆలస్యాన్ని ఇకపై పర్యావరణ ప్రభావంగా లెక్కించరాదు. బదులుగా జనం బండ్ల మీద ఎన్ని మైళ్లు తిరుగుతారో కొలవాలి. పాసడీనా 2014లో, శాన్‌ఫ్రాన్సిస్కో 2016లో ముందే మారాయి. నిబంధనలు 2018 చివర్లో ఖరారై, 2020 జులై 1 నుంచి రాష్ట్రమంతా అమలయ్యాయి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. కొత్త రోడ్డు వేస్తే రద్దీ వేళ అది నిండేదాకా బండ్లు వస్తాయని అమెరికన్ ఆర్థికవేత్త ఆంథనీ డౌన్స్ 1962లోనే రాశాడు. చట్టం అక్కడికి చేరడానికి యాభై ఏళ్లు పట్టింది.

అయితే కూడళ్ల దగ్గర ఒక సందు మిగిలింది. రాష్ట్ర ప్రణాళికా కార్యాలయం ఇచ్చిన సాంకేతిక సూచనల్లో, బండ్ల మైళ్లను పెద్దగా పెంచవు కనుక విశ్లేషణ అక్కర్లేదన్న పనుల జాబితా ఉంది. మలుపు లేన్లు, సిగ్నల్ సమయాల సవరణ, రౌండబౌట్లు (బండ్లు చుట్టూ తిరిగి వెళ్లే సర్కిళ్లు) అందులో ఉన్నాయి. ఒక్కో కూడలిని విడిగా చూస్తే అది న్యాయమే. ఒకే రోడ్డు మీద వరసగా ఎనిమిది కూడళ్లను ఎనిమిది వేర్వేరు ఫైళ్లుగా వెడల్పు చేస్తే ఆ రోడ్డు మొత్తం సామర్థ్యం పెరగదా? ఒక ప్రాజెక్టును ముక్కలు చేసి చూపకూడదని చట్టం అంటూనే ఉంది. ముక్కలా, విడి పనులా అన్న వాదన మాత్రం తెగేది కోర్టులోనే.

ఆ జాబితాలో రౌండబౌట్ ఉండటం మీద నాకు పేచీ లేదు. నాలుగు దారుల మామూలు కూడలిలో బండ్ల దారులు ఒకదానికొకటి అడ్డొచ్చే చోట్లు 32. ఒకే లేన్ రౌండబౌట్‌లో 8. సిగ్నళ్లూ స్టాప్ బోర్డులూ తీసి రౌండబౌట్లుగా మార్చిన 24 అమెరికన్ కూడళ్లను అధ్యయనం చేస్తే గాయాలయ్యే ప్రమాదాలు 76 శాతం తగ్గాయి. ఇండియానాలోని కార్మెల్ పట్టణం 1990లలో మొదలుపెట్టి 150కి పైగా కట్టింది. కానీ అది నాలుగు మూలల్లోనూ నేల అడుగుతుంది, పాత చెట్లు ఉండేదీ ఆ మూలల్లోనే.

డబ్బు గొలుసు వేరే ఉంది. కొత్తగా ఇల్లు కట్టేవాళ్ల దగ్గర రోడ్ల కోసం రుసుము వసూలు చేసే పద్ధతికి కాలిఫోర్నియా 1987లో చట్టం చేసింది. ఎల్ డొరాడో కౌంటీలో సొంత స్థలంలో చిన్న ఇల్లు పెట్టుకోబోయిన వ్యక్తి మీద 23,420 డాలర్ల ట్రాఫిక్ రుసుము పడింది. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చట్టసభ పట్టిక వేసి విధించే రుసుములకు కూడా, అవి నిజంగా ఆ కట్టడం వల్ల పడే భారానికి తగ్గవేనా అన్న పరీక్ష తప్పదని 2024 ఏప్రిల్‌లో ఏకగ్రీవంగా చెప్పింది. నగరాలు ఆ పట్టికను సమర్థించుకోవాలంటే ఏ కూడలికి ఎంత పని అవసరమో చూపాలి. ఆ అవసరాన్ని చాలాచోట్ల ఇప్పటికీ సెకన్లలోనే లెక్కకడతారు.

అలా పాత కొలబద్ద ఇంకో తలుపు గుండా లోపలే ఉండిపోయింది. సీక్వా నుంచి తప్పించారు గానీ జనరల్ ప్లాన్‌లలో గ్రేడు నియమం పెట్టుకునే హక్కును నగరాల నుంచి తీసేయలేదు. అందుకని ఇప్పటి కూడలి ఫైల్‌లో తరచూ రెండు నివేదికలు పక్కపక్కన ఉంటాయి. పర్యావరణ పత్రం ఆలస్యం ఊసెత్తదు. ‘ట్రాఫిక్ ఆపరేషన్స్’ అన్న రెండోది సాయంత్రం రద్దీలో 57 సెకన్లు, కనుక ‘ఈ’ గ్రేడు, కనుక ఇంకో లేన్ అంటుంది. కౌన్సిల్ రెండింటికీ ఒకే ఓటు వేస్తుంది. ఐదు పనిదినాల్లో నిర్ణయ నోటీసు కౌంటీ క్లర్కు దగ్గరికి చేరుతుంది. అక్కడ దాన్ని 30 రోజులు అతికిస్తారు. కోర్టుకెళ్లాలంటే గడువు కూడా అంతే.