చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందా? కోరంగి మడ అడవుల నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు మొదలైతే నా ఫోను ఊరుకోదు. మార్చి చివరి నుంచి ఏప్రిల్ దాకా ఒకటే మాట: "చిరుత పిల్లలు దొరికాయండి బాబూ, ఏం చెయ్యమంటారు?"

మొన్న ఆదివారం కూడా అదే. తెల్లవారుజామున కాకినాడలో కుంభాభిషేకం అనే బురద తీరం దగ్గర, రాజమండ్రి నుంచి వచ్చిన రెండు కుటుంబాలతో నిలబడి ఉన్నాను. సముద్రం పాటు మీద ఉంది, అంటే నీళ్లు వెనక్కి తీశాయి. బయటపడిన బురద మీద వందల కొద్దీ ఉల్లంకి పిట్టలు ముక్కులు దించి పురుగులు ఏరుకుంటున్నాయి. బైనాక్యులర్ ఒక పాప చేతికి ఇస్తుండగా ఫోన్ వచ్చింది. తాళ్లరేవు అవతల రొయ్యల చెరువు గట్టు మీద జమ్ము కోస్తుంటే మూడు పిల్లలు కనిపించాయట. అప్పటికే ఇంటికి తెచ్చేశారట.

పన్నెండేళ్లుగా కోరంగి వైపు వచ్చేవాళ్లకు పక్షుల్నీ జంతువుల్నీ చూపించడమే నా పని. ఇన్నేళ్లలో అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసిన అపోహ ఇదే: పిల్లలు ఒంటరిగా కనిపిస్తే తల్లి వదిలేసినట్టు, మనిషి చెయ్యి తగిలితే తల్లి ఇక దగ్గరికి రానివ్వదు.

రెండూ తప్పే. కోరంగిలో ఉండే నీటిపిల్లి, మన ఊళ్లలో బావురుపిల్లి అనేది, జనం చిరుత అని పొరబడేది, ఎక్కువగా రాత్రిపూట వేటాడుతుంది. పిల్లల్ని జమ్ములోనో తుప్పల్లోనో దాచి చేపల కోసం వెళ్తుంది. పగలు మనుషుల అలికిడి, మిషన్ చప్పుడు వినిపిస్తే దూరంగా నక్కి ఉంటుందే తప్ప పిల్లల్ని మర్చిపోదు. వరి చేలల్లో దొరికే పిల్లలు ఎక్కువగా జంగుపిల్లివి. వాటిదీ ఇదే కథ. మనిషి వాసన తగిలిందని ఏ పిల్లీ తన కూనల్ని వదిలెయ్యదు. మహారాష్ట్రలో జున్నర్ వైపు చెరకు కోతల్లో దొరికిన చిరుత కూనల్ని అటవీ సిబ్బంది, పశువైద్యులు చేత్తో పట్టుకుని, పరీక్ష చేసి, దొరికిన చోటే రాత్రికి పెడితే తల్లులు వచ్చి నోట కరుచుకుని తీసుకెళ్లాయి. ఒకటి రెండు సార్లు కాదు, ఏళ్ల తరబడి అక్కడ ఇదే చేస్తున్నారు.

జాలిపడి తెచ్చినవాళ్లను నేను తిట్టను. ఎండలో కళ్లు సరిగ్గా తెరవని పిల్ల కీచుమంటుంటే ఎవరి మనసూ ఊరుకోదు. కానీ ఆ జాలితో పట్టే ఆవుపాలు వాటికి పడవు. విరేచనాలు పట్టుకుంటాయి. సీసాతో బలవంతంగా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కొన్నేళ్ల కిందట ఒక ఊళ్లో ఇలాగే రెండు కూనల్ని నాలుగు రోజులు ఇంట్లో ఉంచుకుని, ఊరంతా వచ్చి ఫోటోలు దిగాక నాకు కబురు చేశారు. నేను వెళ్లేసరికి ఒకటి చల్లబడిపోయింది. రెండోది బతికింది గానీ తల్లి దగ్గర వేట నేర్చుకునే అవకాశం పోయింది. ఈ కూనలు దాదాపు పది నెలలు తల్లి వెంట తిరిగితేనే సొంతంగా బతకగలవు. దాని జీవితమంతా బోనులోనే. మొదటి సాయంత్రమే ఫోన్ చేసి ఉంటే రెండూ జమ్ములో ఉండేవి.

మొన్నటి సంగతికి వస్తాను. నేను వెళ్లేసరికి టమాటా ట్రేలో తువ్వాలు కప్పి ఉంచారు, చుట్టూ నలభై మంది. "గురువుగారూ, చిరుతేనాండి?" అని ఆ రైతు అడిగారు, గొంతు వణుకుతోంది. ఆయన భయం నాకు అర్థమైంది. 2024 సెప్టెంబరులో రాజమండ్రి పక్కన దివాన్‌చెరువు దగ్గర, తర్వాత కడియం నర్సరీల వైపు నిజంగానే చిరుత తిరిగింది కదా, అప్పటినుంచి గోదావరి జిల్లాల్లో మచ్చలున్న ప్రతి పిల్లీ చిరుతే అయిపోయింది. వాట్సాప్‌లో ఎక్కడిదో పాత వీడియో పెట్టి "మన ఊళ్లోనే" అని రాసేవాళ్ల మీద నాకు ఓపిక లేదు. ఆ మెసేజ్ చూసి కర్రలతో గట్లమీద తిరిగే కుర్రాళ్లకు ఎదురుపడేది పాపం చేపల కోసం వచ్చిన నీటిపిల్లే.

ఇవి చిరుతవి కావు, నీటిపిల్లి కూనలే. ఆ రైతుకు గట్టు మీద తల్లి అడుగు చూపించాను. తడి మట్టిలో అచ్చు గుద్దినట్టు ఉంది. టీ గ్లాసు మూతితో కప్పెయ్యొచ్చు. నాలుగు వేళ్ల ముందు సూదితో గుచ్చినట్టు గోళ్ల గుర్తులు. చిరుత నడిచేటప్పుడు గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకుంటుంది, నీటిపిల్లి గోళ్లు కొంచెం బయటే ఉంటాయి. చిరుత మచ్చలు మధ్యలో ఖాళీగా పువ్వుల్లా ఉంటే, దీనివి నిండు మచ్చలు, వీపు మీద వరసలు కట్టి ఉంటాయి. తోక పొట్టి. మనిషి జోలికి రాదు.

ట్రేని దొరికిన చోటే, జమ్ము నీడలో, పైన ఏమీ కప్పకుండా పెట్టించాం. కుక్కల్ని కట్టేయించి, జనాన్ని పంపేసి, అటవీ సిబ్బందికి చెప్పాం. ఆ రాత్రి చెరువు మేతలు కూడా అవతలి గట్టు నుంచే వేశారు ఆ రైతు. పొద్దున్న ఆయనే ఫోన్ చేశారు. ట్రే ఖాళీ. ట్రే పక్కనుంచి నీళ్ల వైపు అడుగులు, మళ్లీ వెనక్కి అడుగులు, మూడు సార్లు.

గాయమైతే, మిషన్ తగిలితే మాత్రం రాత్రిదాకా ఆగొద్దు, వెంటనే అటవీ శాఖకు చెప్పండి. ఇంట్లో పెంచుదామన్న ఆలోచనే వద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో నీటిపిల్లి పులితో పాటు మొదటి షెడ్యూల్‌లో ఉంది. మూడేళ్లకు తక్కువ కాకుండా జైలు.

మిగతావి త్వరగా చెప్తాను.

"తిల్ల చెట్టు కింద నిలబడితే కళ్లు పోతాయి." తిల్ల మడ అడవుల్లో పెరిగే చెట్టే, కింద నిలబడితే ఏమీ కాదు. కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడితేనే ప్రమాదం. పిల్లల్ని ఆకులు తుంచనివ్వకండి.

"రొయ్యల చెరువులు ఖాళీ చేసేది బావురుపిల్లే." అది ఎలుకల్నీ తింటుంది. నీటికుక్కలు, కొంగలు, నీటికాకులు కూడా చెరువుల మీదకు వస్తాయి. నష్టం రాగానే దాని మీదే నేరం వెయ్యకండి.

"కోరంగి వెళ్తే ఏమీ కనపడదు." పోటు మీద పదకొండింటికి వస్తే అంతే. చెక్క వంతెన మీద నడవాలన్నా పాటు సమయం చూసుకుని రండి. నీళ్లు తీశాక మడ చెట్ల శ్వాస వేర్లు మేకుల్లా పైకి కనిపిస్తాయి, వాటి మధ్య బురదలో గెంతే చేపలు, ఒక కాలు మాత్రం పెద్దదిగా ఉన్న పీతలు. నీటిపిల్లిని చూపిస్తానని మాత్రం ఎవరికీ మాట ఇవ్వను, అడుగులు చూపిస్తాను.

"ఉగాది వస్తే పక్షులు వెళ్లిపోతాయి." వెళ్తాయి గానీ ఒక్క రోజులో కాదు. నిజానికి వెళ్లే ముందే చూడాలి. చలికాలమంతా బూడిద రంగులో ఉన్న వంకర ముక్కు ఉల్లంకి ఇప్పుడు ఇటుక రంగుకు తిరుగుతోంది. గుడ్లు పెట్టేది సైబీరియా ఉత్తర కొసన, దానికి సిద్ధమవుతోంది. మొన్న ఫోన్ రాకముందు ఆ పాప బైనాక్యులర్‌లో చూసింది దాన్నే. ఛాతీ మీద ఎరుపు ఇంకా సగమే ఎక్కింది, మిగతా సగం తెల్లగానే ఉంది.