“మా ఇంటా వంటా లేదండీ!” – ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనం: అపోహలు, వాస్తవాలు

బడి తెరిచిన కొద్ది రోజులకే, హైస్కూలులో కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులలో ఎవరో ఒకరు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, “మాస్టారూ, మా పిల్లకి బొమ్మలు రావండి, మా ఇంటా వంటా ఎవరికీ లేదు, ఆ పీరియడ్‌లో దాన్ని లెక్కలు చేసుకోనివ్వండి” అని అడగడం ఏటా జరిగేదే. కోనసీమలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలలో చిత్రలేఖనం బోధిస్తూ నేను విన్న మాటలన్నిటిలోనూ పిల్లలకు ఎక్కువ నష్టం చేసిన మాట ఇదే. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీనికే కేటాయిస్తున్నాను. మిగిలిన అపోహలకు అంత చోటు అక్కరలేదు.

అపోహ: బొమ్మలు గీయడం పుట్టుకతో రావాలి, చెయ్యి తిరగని వాళ్లకు ఎంత నేర్పినా రాదు.

వాస్తవం: హైస్కూలు ప్రారంభ స్థాయి పాఠాలకు ఎంత చేతి నైపుణ్యం కావాలో అంతా ఆరో తరగతికి వచ్చిన పిల్లలలో దాదాపు అందరికీ అప్పటికే ఉంటుంది. తెలుగు రాయడం వచ్చిన పిల్ల ‘ఝ’ను, ‘ఱ’ను, ‘క్ష’ను, వట్రసుడితో కూడిన ‘కృ’ను గీతల మధ్య ఇరుకు చోటులో, ఒక వంపు మరొక వంపును తాకకుండా రాస్తుంది. ధనుర్మాసంలో అదే పిల్ల తెల్లవారకముందే లేచి, చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికల ముగ్గును ఎక్కడా తెగకుండా తిప్పుకొస్తుంది. “మా ఇంటా వంటా లేదు” అని నాతో చెప్పిన తల్లి కూడా ఆ ఉదయం తన వాకిట్లో ముగ్గు వేసిన తరవాతే బడికి వచ్చి ఉంటుంది. అంత పట్టు ఉన్న చేతికి ఒక స్టూలు బొమ్మ, ఒక చెంబు బొమ్మ గీయడం చేతకాదని అనుకోవడానికి కారణమేమీ లేదు.

మరి బొమ్మ ఎందుకు కుదరదు? లోపం చేతిలో లేదు, చూడటంలో ఉంది. “మీ ఊరి బొమ్మ గీయండి” అంటే మా తరగతిలో సగానికి పైగా పిల్లలు రెండు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, ఆకాశంలో పక్షులు, కింద ఒక గుడిసె, దాని పక్కన కొబ్బరి చెట్టు గీస్తారు. మాది గోదావరి డెల్టా. ఎటు చూసినా చదునైన నేలే తప్ప ఊరి పొలిమేర దాకా నడిచినా కొండ కనిపించదు. అయినా ఆ రెండు కొండలు మానవు. కొబ్బరి చెట్టు మాత్రం రోజూ చూసేదే, కాని దాన్ని కూడా చూసినట్టు గీయరు. పై మట్టలు నిక్కి ఉండటం, కింది మట్టలు వాలి మానును కప్పడం, మన వైపు వచ్చే మట్ట పొట్టిగా కనిపించడం వారి బొమ్మల్లో ఉండదు. మాను చివర ఒకే పొడవున్న అయిదారు ఆకులు విప్పిన గొడుగులా ఉంటాయి. ఈ గుర్తులన్నీ చిన్న తరగతులలో ఒకరి పలక చూసి ఒకరు నేర్చుకున్నవి. కాబట్టి ఆ పిల్లలు చెట్టును గీయడం లేదని, తమకు తెలిసిన చెట్టు గుర్తును గీస్తున్నారని అర్థం చేసుకోవాలి.

పదకొండు, పన్నెండేళ్లు వచ్చేదాకా ఈ గుర్తులతో పిల్లలకు ఇబ్బంది ఉండదు. ఆ వయసులో కన్ను పదునెక్కుతుంది. తన బొమ్మకూ ఎదురుగా ఉన్న వస్తువుకూ పొంతన లేదని పిల్లకు తెలిసిపోతుంది, ఆ తేడాను సరిదిద్దే పద్ధతి మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. లెక్క తప్పితే “మళ్లీ చెయ్యి” అనే ఇంట్లోనే బొమ్మ తప్పితే “నీకు రాదులే” అంటారు. అక్కడితో ఆ పిల్ల పెన్సిలు కింద పెట్టేస్తుంది, పెద్దయ్యాక తన పిల్లల గురించి కూడా అదే మాట చెబుతుంది. మెచ్చుకోవడంలోనూ ఇంతే ప్రమాదం ఉంది. తరగతిలో ఒక్క కుర్రవాడిని “పుట్టు కళాకారుడు” అని అందరి ముందూ పొగిడితే మిగిలిన పిల్లలందరూ తమకు ఆ పుట్టుక లేదని తీర్మానించుకుంటారు.

నిరుడు తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి, తరగతి మొత్తంలో ముత్యాల్లాంటి దస్తూరీ ఆమెదే, మూడు వారాల పాటు తెల్ల కాగితమే తిరిగి ఇచ్చింది. గద్దించి లాభం లేదని నాకు తెలుసు, భయపడిన పిల్లకు ధైర్యవచనాలు కూడా పెద్దగా పనిచేయవు, చేయదగిన చిన్న పని ఒకటి చూపించాలి. తరగతి గదిలోని స్టూలును బల్ల మీద పెట్టి, స్టూలును గీయవద్దని, దాని కాళ్ల మధ్యనా అడ్డుకర్రల మధ్యనా కనిపించే ఖాళీల ఆకారాలను మాత్రమే గీసి పెన్సిలుతో నింపమని చెప్పాను. స్టూలుకు ఆమె మనసులో ఒక గుర్తు ఉంది కాని ఖాళీకి ఏ గుర్తూ లేదు, కాబట్టి చూడక తప్పలేదు. ఖాళీలన్నీ నిండేసరికి వాటి మధ్య స్టూలు తెల్లగా, కాళ్ల వంపుతో సహా, సరైన కొలతల్లో తేలింది. అది తాను గీసినదేనని ఆమె నమ్మడానికి కొంత సమయం పట్టింది.

మొదటి రెండు మూడు నెలల్లో నేను చేయించే ప్రాజెక్టులన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తాయి. ఒక రేఖాచిత్రాన్ని తలకిందులుగా పెట్టి, అలాగే గీయించడం ఒకటి. ముక్కు ముక్కులా కనిపించనప్పుడు పిల్లలు గీతను గీతగానే చూస్తారు. కాగితం వైపు చూడకుండా తమ ఎడమ చేతి ఔట్‌లైన్‌ను కంటితో నెమ్మదిగా వెంబడిస్తూ గీయించడం ఇంకొకటి. వచ్చే బొమ్మ వంకరగా ఉంటుందని, దానికి మార్కులు లేవని ముందే చెబుతాను, లేకపోతే దొంగచూపులు చూస్తారు. తరవాత గ్లాసు. గ్లాసు మూతి గుండ్రమని తెలుసు కనుక పూర్తి వృత్తం గీసి, అడుగు బల్ల మీద ఆని ఉందని తెలుసు కనుక అక్కడ సరళరేఖ గీస్తారు. నిజానికి మూతి కంటి ఎత్తుకు దగ్గరైన కొద్దీ సన్నని దీర్ఘవృత్తమవుతుంది, అడుగు దానికంటే వెడల్పుగా వంగి కనిపిస్తుంది. గ్లాసును పైకీ కిందికీ జరిపి చూపిస్తే ఏ నిర్వచనమూ అక్కరలేదు. ముఖం గీసేటప్పుడు దాదాపు అందరూ కళ్లను నుదుటి దగ్గర పెడతారు. పెన్సిలు చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి, పక్కన కూర్చున్న వాడి నడినెత్తి నుంచి కంటి దాకా, కంటి నుంచి గడ్డం దాకా కొలవమంటే రెండూ ఇంచుమించు సమానమని వారే కనుక్కుంటారు.

పెర్‌స్పెక్టివ్‌కు, అంటే దూరం పెరిగే కొద్దీ వస్తువులు చిన్నవిగా కనిపించే తీరును గీయడానికి, మా బడి వరండాను మించిన పాఠ్యపుస్తకం లేదు. ఒక చివర నిలబడితే స్తంభాల వరుస, తలుపుల పైగీతలు, గచ్చు అంచు అన్నీ రెండో చివర ఒకే బిందువు వైపు పరుగెడతాయి. పిల్లవాడు గచ్చు మీద కూర్చుంటే ఆ బిందువు కిందికి దిగుతుంది, లేచి నిలబడితే పైకి వస్తుంది. క్షితిజ రేఖ అంటే తన కంటి ఎత్తేనని నోటితో చెప్పనవసరం లేకుండానే తెలుస్తుంది. ఇవన్నీ నేర్పదగిన విషయాలు, సూక్ష్మం తెలిస్తే ఒక విద్యా సంవత్సరంలో నేర్చుకోదగిన విషయాలు.

పిల్లల మధ్య తేడాలే లేవని నేను అనడం లేదు. కొందరు త్వరగా పట్టుకుంటారు, కొందరికి ఆలస్యమవుతుంది, లెక్కల్లోనూ అంతే. వీలు కుదిరినప్పుడు పిల్లలను రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు గ్యాలరీకి తీసుకువెళతాను. 1897లో పుట్టి 1925లోనే మశూచితో మరణించిన ఆ చిత్రకారుడిలో ప్రతిభ లేదని ఎవరూ అనలేరు. అయినా ఆయనకు కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహం, ఆపైన బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో శిక్షణ అవసరమయ్యాయి. పిల్లలు రంగుల చిత్రాల ముందు గుమిగూడతారు, నేను వారిని పెన్సిలు స్కెచ్‌ల దగ్గరకు లాక్కెళతాను. అంతటివాడు కూడా చూసి చూసి సాధన చేశాడని ఆ గీతలు చెప్పినంత బాగా నేను చెప్పలేను.

అపోహ: చూసి గీస్తే అది కాపీ.

వాస్తవం: ఎదురుగా ఉన్న వస్తువును చూసి గీయడం కాపీ కాదు, ప్రారంభ పాఠమంతా అదే. ఫోన్‌లోని ఫోటోను చూసి గీయడం మాత్రం వేరు. మూడు కొలతల వస్తువును రెండు కొలతల కాగితం మీదికి దించడమే ఈ విద్యలో కష్టమైన భాగం, ఆ పనిని కెమెరా ముందే చేసిపెట్టింది. గళ్లు గీసి సినిమా హీరో బొమ్మ దించిన పిల్లవాడి ఓపికను మెచ్చుకుంటాను, కాని ఎదురుగా గ్లాసు పెడితే అతను తడబడటం చూసి ఆశ్చర్యపోను.

అపోహ: మంచి బొమ్మకు ఖరీదైన సామాను కావాలి.

వాస్తవం: శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు గుడ్డ మీద మొదటి గీతలు చింత పుల్లలను కాల్చిన బొగ్గుతో గీస్తారు. మా పిల్లలకు ఒక హెచ్.బి., ఒక 4బి పెన్సిలు, రబ్బరు, కార్ట్రిడ్జ్ షీట్లు (మందపాటి డ్రాయింగ్ కాగితాలు) చాలు. సాధన పాత నోటుపుస్తకం వెనక పేజీల్లో చేయవచ్చు. రంగుల విషయంలో ఇరవై నాలుగు సీసాల పెట్టె కొనిపెట్టిన తండ్రి కంటే పసుపు, క్రిమ్సన్ ఎరుపు, నీలం, తెలుపు సీసాలు విడిగా కొనిపెట్టిన తండ్రి బిడ్డకు ఎక్కువ మేలు చేస్తాడు, ఎందుకంటే పెట్టెలో అన్నీ ఉన్న పిల్ల కలపడం నేర్చుకోదు. క్రిమ్సన్ అని ప్రత్యేకించి చెప్పడానికి కారణం ఉంది. నారింజ ఛాయ ఉన్న స్కార్లెట్ ఎరుపును నీలంతో కలిపితే ఊదా రంగు రాక మడ్డిగా తయారవుతుంది, అప్పుడు పిల్ల తప్పు తనదనుకుంటుంది. నీడకు నలుపు కలిపే అలవాటు కూడా మొదట్లోనే మాన్పించాలి. పసుపులో నలుపు కలిపితే నీడ రాదు, పాచి రంగు వస్తుంది, రంగుల చక్రంలో దానికి ఎదురుగా ఉండే ఊదాను కొద్దిగా కలిపి చూడమనండి.

అపోహ: రబ్బరు వాడినవాడికి బొమ్మ రానట్టే.

వాస్తవం: వాడవచ్చు, తొందరపడి వాడకూడదు. తప్పు గీత పక్కనే సరైన గీత గీసి, ఆ తరవాత మొదటిదాన్ని చెరపాలి. ముందే చెరిపేస్తే దేన్ని బట్టి సరిదిద్దాలో తెలియక అదే తప్పు మళ్లీ గీస్తారు.

అపోహ: పదో తరగతికి వచ్చాక బొమ్మలు కాలహరణం.

వాస్తవం: మన సామాన్యశాస్త్రంలోనే బొమ్మలు గీయడం, నమూనాలు తయారుచేయడం ఉన్నాయి, సాంఘికశాస్త్రంలో పట నైపుణ్యాలు ఉన్నాయి. గుండె నిలువుకోత బొమ్మలో గదుల పరిమాణాలు సరిగా చూసి గీసిన పిల్లకు ఆ పాఠం కూడా గుర్తుంటుంది. కళలకూ శాస్త్రాలకూ మధ్య గట్టి గోడలు ఉండకూడదని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది. పీరియడ్లు లెక్కలకు ఇచ్చేసే పద్ధతి మీద నా అభిప్రాయం స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలిసిందే కనుక ఇక్కడ విస్తరించను.

అపోహ: డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పాసైతే డ్రాయింగ్ మాస్టారు ఉద్యోగం ఖాయం.

వాస్తవం: పరీక్ష ఫీజుల కాలం వచ్చేసరికి ఈ మాట వాట్సాప్‌లో ఎక్కడి నుంచో ఊడిపడుతుంది, దాన్ని నమ్మి కోచింగ్‌కు డబ్బు కట్టిన తల్లిదండ్రులు నా దగ్గరకు వస్తారు. లోయర్ తరవాత హయ్యర్, ఆ తరవాత 42 రోజుల వేసవి టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ, ఇవన్నీ అర్హతలు మాత్రమే. ఉద్యోగం కావాలంటే ఖాళీలు ఉండాలి, నోటిఫికేషన్ రావాలి, ఎంపికలో నెగ్గాలి. ఆ పరీక్షలు రాయవద్దని కాదు, వాటికి సిద్ధమయ్యే క్రమంలో చెయ్యీ కన్నూ రెండూ బాగుపడతాయి, నా విద్యార్థుల చేత కూడా రాయిస్తాను. అయితే బొమ్మల మీద నిజంగా ఆసక్తి ఉన్న పిల్లలకు ఇదొక్కటే దారి కాదు. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఎఫ్.ఎ. (లలిత కళల డిగ్రీ) ఉంది, డిజైన్ చదవాలనుకునే వారికి మన రాష్ట్రంలోనే ఎన్.ఐ.డి. (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఉంది. ఆర్కిటెక్చర్ కోరుకునే పిల్లలు మాత్రం ఇంటర్‌లో లెక్కలు, భౌతికశాస్త్రం వదలకూడదు. బొమ్మలు బాగా వేస్తాడు కదా అని ఆర్ట్స్ గ్రూపులో చేర్పించి, రెండేళ్ల తరవాత బి.ఆర్క్. గురించి అడగడానికి వచ్చే తండ్రులకు నేను చెప్పగలిగింది పెద్దగా ఉండదు. కాబట్టి గ్రూపు తీసుకునే ముందే, పదో తరగతి ఫలితాలు రాకముందే, ఒకసారి బడికి వచ్చి మాట్లాడండి.