ఏ కృష్ణ? ఏ సంవత్సరం? యుద్ధనౌకల నమూనాలపై అపోహలు - వాస్తవాలు

కృష్ణా నది పేరుతో మన నౌకాదళంలో రెండు ఓడలు పనిచేశాయి. మొదటిది 1943లో బ్రిటన్‌లో తయారై అప్పటి రాయల్ ఇండియన్ నేవీలో చేరిన స్లూప్, అంటే చిన్న యుద్ధనౌక. ఆంగ్లేయుల కాలపు స్పెల్లింగు ప్రకారం దాన్ని ‘కిస్ట్నా’ అని రాసేవారు కాబట్టి పాత కాగితాల్లో ఆ పేరుతోనే వెతకాలి. రెండోది ఆండ్రొమెడా అనే బ్రిటిష్ ఫ్రిగేట్. అది 1995లో మన చేతికి వచ్చి శిక్షణ నౌక అయింది. మొదటి దాని మీద 4 అంగుళాల ఫిరంగులు జంటలుగా మూడు చోట్ల, మొత్తం ఆరు ఉండేవి. రెండో దాని ముందు డెక్కు మీద ఒకప్పుడు 4.5 అంగుళాల జంట ఫిరంగి ఉండేది. 1970ల చివర్లో బ్రిటిష్ వారే దాన్ని తీసేసి క్షిపణులు పెట్టారు. అంటే మన దగ్గరకు వచ్చేనాటికి ఆ ఫిరంగి లేదు.

విజయవాడలో ఓడల నమూనాలు చేస్తుంటాను కాబట్టి ‘మన కృష్ణ ఓడ ఒకటి చేసిపెట్టండి’ అని అడిగేవారు తరచూ వస్తుంటారు. ఏ కృష్ణ, ఏ సంవత్సరంలో ఉన్న కృష్ణ అని నేను ఎదురడిగితే విసుక్కుంటారు. కానీ ఆ రెండూ తేలకుండా ఒక్క ఫిరంగి గొట్టం కూడా కోయలేను. ఓడకు నమూనా చేయడమంటే ఆ ఓడ ఫలానా నెలలో ఎలా ఉందో చేయడమే. ఈ రంగంలో నేను వినే అపోహల్లో చాలావరకు ఇది పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: ఒకే తరగతి ఓడలైతే, అంటే ఒకే నక్షాతో కట్టినవైతే, ఫిరంగులూ ఒకటే.

వాస్తవం: మనవాళ్ల ఓడలు చాలు, ఇది తప్పని చెప్పడానికి. కిస్ట్నాతో పాటు సట్లెజ్, జమున, నర్మద, గోదావరి, కావేరి పేర్లతో మొత్తం ఆరు స్లూప్‌లు ఉండేవి. దేశ విభజనలో నర్మద, గోదావరి పాకిస్తాన్‌కు వెళ్లాయి. సట్లెజ్, జమునలను తర్వాత సముద్ర సర్వే ఓడలుగా మార్చి ఫిరంగులు తీసేశారు. 1946 ఫొటోలో ఆరింటికీ పోలికలు కనిపిస్తాయి. 1960 ఫొటోలో ఏ రెండింటినీ కళ్లు మూసుకుని ఒకటే అనలేం.

రాజ్‌పుత్ తరగతి డిస్ట్రాయర్ల సంగతీ అంతే. నౌకాదళంలో చేరినప్పుడు రాజ్‌పుత్, రాణా, రంజిత్‌ల మీద ఉన్నవి రెండు గొట్టాల 30 మి.మీ. ఏకే-230లు. తర్వాత వచ్చిన రణ్‌వీర్, రణ్‌విజయ్‌ల మీద ఆరు గొట్టాల ఏకే-630లు. ఏకే-630 గొట్టాలు ఆరూ ఒకే తొడుగులో ఉంటాయి కాబట్టి పక్కనుంచి చూస్తే లావుపాటి ఒకే గొట్టంలా కనిపిస్తుంది. ఆరు సన్నని తీగలు విడివిడిగా గుచ్చిన నమూనాలు ప్రదర్శనల్లో చూశాను. అంత ఓపిక ఉన్నవారు ముందుగా ఒక మంచి ఫొటో చూసుకుంటే సగం శ్రమ తగ్గేది.

పేర్లతో ఇంకో చిక్కు ఉంది. మన నౌకాదళం ఒక ఓడ వెళ్లిపోయాక అదే పేరును కొత్త ఓడకు పెడుతుంది. గోదావరి పేరుతో విభజనలో పాకిస్తాన్‌కు పోయిన స్లూప్, 1953లో బ్రిటన్ నుంచి వచ్చిన హంట్ తరగతి డిస్ట్రాయర్, 1983లో బొంబాయిలో తయారైన ఫ్రిగేట్ ఉన్నాయి. మొదటి రెండింటికీ 4 అంగుళాల జంట ఫిరంగులు మూడేసి ఉండటంతో, పేరు చూసి ఫొటో దించుకునేవారు ఇట్టే మోసపోతారు. 1971లో విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన ఘట్టాన్ని దృశ్యంగా కట్టినవారు అందులో 1980 నాటి రాజ్‌పుత్‌ను పెట్టడం కూడా మామూలే. మన నౌకాదళం ఆ ఘనతను ఇచ్చే రాజ్‌పుత్ వేరు. అది రెండో ప్రపంచ యుద్ధకాలపు ఓడ, అసలు పేరు రోథర్‌హామ్, దాని మీద ఉన్నవి ఒంటి గొట్టపు 4.7 అంగుళాల ఫిరంగులు నాలుగు.

లియాండర్ తరగతి అనే మాట విన్నా ఒక్క క్షణం ఆగాలి. 1930ల క్రూయిజర్లవీ అదే పేరు, 1960ల ఫ్రిగేట్లవీ అదే పేరు. మన పాత ఢిల్లీ అనే క్రూయిజర్ మొదటి రకం లియాండర్. బొంబాయి మజగావ్ డాక్‌లో తయారై 1972లో చేరిన నీలగిరి రెండో రకం లియాండర్.

అపోహ: ‘6 అంగుళాలు, 50 క్యాలిబర్’ అని తెలిస్తే గొట్టం కొలత తెలిసినట్టే.

వాస్తవం: ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి. 6 అంగుళాలు అనేది గొట్టం లోపలి రంధ్రం వ్యాసం. 50 అంటే ఆ వ్యాసానికి 50 రెట్ల పొడవు, అంటే 300 అంగుళాలు, 7.62 మీటర్లు. 1/350 స్కేలులో, అంటే అసలులో 350వ వంతుగా చేస్తే, అది 21.8 మి.మీ. అవుతుంది. కొత్తవారు సరిగ్గా అంత ఇత్తడి గొట్టం కోసి టర్రెట్ (ఫిరంగిని అన్నివైపులా కప్పి, దానితో పాటే తిరిగే ఉక్కు గది) ముఖానికి అతికిస్తారు. ఓడ మెడ చాచిన కొంగలా తయారవుతుంది. గొట్టం వెనుక భాగం, గుండు ఎక్కించే యంత్రాంగం టర్రెట్ లోపల ఉంటాయని మరిచిపోతారు. అమెరికా అయోవా తరగతి ఓడల 16 అంగుళాల గొట్టం పొడవు 20 మీటర్ల పైమాటే, బయటకు కనిపించేది 13 మీటర్లు. దాదాపు మూడో వంతు లోపలే.

బయట ఎంత ఉందో తెలియాలంటే డ్రాయింగు కావాలి. అది లేకపోతే సరైన ఫొటో కావాలి. సరైన ఫొటో అంటే ఫిరంగి ఓడ పొడవునా సూటిగా ముందుకు చూస్తుండాలి, ఫొటో ఓడకు నేరుగా పక్కనుంచి, దూరం నుంచి తీసి ఉండాలి. ఫిరంగి కాస్త పక్కకు తిరిగినా గొట్టం కురచగా కనిపిస్తుంది. కొలతకు ఆనవాలుగా తీసుకునే వస్తువు కూడా గొట్టం ఉన్నంత దూరంలోనే ఉండాలి. ముందు నిలబడిన నావికుడి ఎత్తుతో వెనకున్న గొట్టాన్ని కొలిస్తే లెక్క తప్పుతుంది.

పేరులో రాసి ఉన్న అంకెను కూడా పూర్తిగా నమ్మకూడదు. బోఫోర్స్ 40 మి.మీ. ఫిరంగిని 60 క్యాలిబర్లని పిలుస్తారు గానీ, నిజంగా ఉన్నది 56 పైచిలుకు, 2.25 మీటర్లు. బ్రిటిష్ వారు, అమెరికన్లు రంధ్రం పొడవును లెక్కిస్తే, జర్మన్లు గొట్టం ఈ చివర నుంచి ఆ చివర దాకా లెక్కిస్తారు. అందుకే వారి బిస్మార్క్ యుద్ధనౌక 38 సెం.మీ. ఫిరంగులు వారి లెక్కలో 52 క్యాలిబర్లు, రంధ్రం లెక్కలో 48 చిల్లర. ఇక జపాన్ వారు యమాటో యుద్ధనౌక మీద 46 సెం.మీ. ఫిరంగులు పెట్టి, శత్రువుకు తెలియకూడదని అధికారిక కాగితాల్లో 40 సెం.మీ. అని రాసుకున్నారు.

అపోహ: యుద్ధనౌక మీద ఉండే ఫిరంగి పెట్టెలన్నీ టర్రెట్లే.

వాస్తవం: కిస్ట్నా మీద ఉన్నవి టర్రెట్లు కావు. మార్క్ 19 మౌంటింగు (ఫిరంగిని నిలిపే పీఠం) మీద ముందువైపు డాలులాంటి ఉక్కు రేకు, అంతే. దాన్ని షీల్డు అంటాం. వెనక భాగం తెరిచే ఉంటుంది, సిబ్బంది అక్కడ నిలబడి గుండ్లు ఎక్కిస్తారు. కాబట్టి నమూనాను వెనకనుంచి చూసేవారికి ఖాళీ పెట్టె కనిపించకూడదు. గొట్టాల వెనుక భాగాలు, తిప్పే చక్రాలు, గురిచూసేవారి సీట్లు అన్నీ చేయాలి. రెండు గొట్టాలూ ఒకే ఊయలలో (గొట్టాలను పట్టి ఉంచే చట్రం) ఉంటాయి కాబట్టి కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి పెడితే చూడముచ్చటగా ఉంటుందేమో గానీ అది అసాధ్యం. గొట్టాలు 80 డిగ్రీల వరకు లేస్తాయి. అందుకే షీల్డు ముఖం మీద చీలిక పైదాకా సాగి ఉంటుంది. విడి భాగాలుగా అమ్మే నమూనా కిట్లు చాలావాటిలో అక్కడ చిన్న గంటు పెట్టి వదిలేస్తారు.

1957లో మన మైసూర్‌గా మారిన నైజీరియా క్రూయిజర్ మీద ఉన్నవి అసలైన టర్రెట్లు. ఒక్కోదాంట్లో మూడేసి 6 అంగుళాల ఫిరంగులు, ఒక్కో గొట్టం విడిగా లేవగలదు. ఇక్కడ నాకు బాగా ఇష్టమైన వివరం ఒకటి ఉంది. ఈ టర్రెట్లలో నడిమి గొట్టం మిగతా రెండింటికంటే 30 అంగుళాలు వెనక్కి ఉంటుంది. 1/350లో అది 2 మి.మీ. కంటే కాస్త ఎక్కువ, మామూలు కంటికి స్పష్టంగా తెలిసే తేడా. అయినా మూడు మూతులనూ స్కేలు పెట్టి గీసినట్టు ఒకే వరుసలో అతికించిన నమూనాలు కోకొల్లలు. ఈ తరగతి కిట్‌తో మైసూర్ చేయాలనుకునేవారు ఇంకోటి కూడా చూసుకోవాలి. మొదట్లో ఆ ఓడకు నాలుగు టర్రెట్లు. మనకు వచ్చినప్పుడు మూడే, వెనక జంటలో పైది లేదు.

మైసూర్ లేదు, కిస్ట్నా లేదు, రెండూ తుక్కయ్యాయి. వాటి ఫిరంగుల తోబుట్టువులు మాత్రం ఉన్నాయి. లండన్‌లో థేమ్స్ నది మీద 1971 నుంచి మ్యూజియంగా ఉన్న బెల్ఫాస్ట్ క్రూయిజర్ మీద ఆ మూడు గొట్టాల టర్రెట్లూ ఉన్నాయి, కిస్ట్నా మీద ఉండిన మార్క్ 19 జంట ఫిరంగులూ ఉన్నాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో లండన్‌లో చదువుకునే పిల్లలు లేని చుట్టాలు అరుదు కదా. వారికి నేను అప్పగించే పని ఒకటే: చాక్లెట్లు వద్దమ్మా, ఆ 4 అంగుళాల ఫిరంగికి వెనకనుంచి, పక్కనుంచి, పక్కన ఒక స్కేలు పెట్టి ఫొటోలు తీసి పంపు. పాత ఢిల్లీ టర్రెట్ ఒకటి న్యూజీలాండ్‌లో, ఆక్లండ్ దగ్గర డెవన్‌పోర్ట్ నౌకా స్థావరంలో ఉంది. అకిలీస్ అనే పేరుతో ఆ ఓడ 1939 డిసెంబర్‌లో రివర్ ప్లేట్ యుద్ధంలో సగానికి పైగా న్యూజీలాండ్ సిబ్బందితో పోరాడింది, అందుకే దాచుకున్నారు.

అపోహ: అధికారిక డ్రాయింగు దొరికితే ఇక అనుమానం అక్కర్లేదు.

వాస్తవం: డ్రాయింగు కూడా ఒక తేదీకి సంబంధించినదే. గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో బ్రిటిష్ ఓడల నక్షాలు భద్రంగా ఉన్నాయి. వాటిలో కొన్ని ఓడ కట్టక ముందు గీసినవి, అంటే కట్టాలనుకున్నది. కొన్ని కట్టడం పూర్తయ్యాక ఉన్నది ఉన్నట్టు గీసినవి. ఈ రెండో రకమే మనకు కావాలి. వీటిలోనూ తర్వాతి మార్పులను తరచుగా వేరే రంగు సిరాతో అదే కాగితం మీద గీస్తారు. నలుపు తెలుపు నకలు తెప్పించుకుంటే ఆ రంగులన్నీ కలిసిపోయి ఏది ముందో ఏది వెనకో తెలియదు. యుద్ధకాలంలో రేవుకు వెళ్లిన ప్రతిసారీ చిన్న ఫిరంగులు మారుతుండేవి, వాటన్నిటినీ కాగితం మీదికి ఎక్కించే తీరిక ఎవరికి ఉంటుంది? డ్రాయింగూ ఫొటోలూ కొట్టుకుంటే నేను తేదీ తెలిసిన ఫొటో పక్షం. తేదీ తెలియని ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా రెండో వరుసలోనే ఉంటుంది.

అపోహ: ప్రతి గొట్టానికీ మూతిలో రంధ్రం తొలవాలి. గొట్టానికి ఉక్కు రంగు వేయాలి.

వాస్తవం: రెండూ కాదు. 40 మి.మీ. బోఫోర్స్ రంధ్రం 1/700 స్కేలులో 0.06 మి.మీ. కూడా ఉండదు, వెంట్రుక మందం. పెద్ద ఫిరంగులకు తొలవాలి గానీ, ఓడ రేవులో ఉన్నట్టు చేస్తే అదీ అక్కర్లేదు. రేవులో ఉన్నప్పుడు ఉప్పుగాలి లోపలికి పోకుండా మూతికి మూత బిగిస్తారు, దాని మీద తరచుగా ఓడ చిహ్నం ఉంటుంది. రంగు విషయానికొస్తే, సముద్రం మీద రంగు వేయని ఉక్కు తుప్పు పట్టడానికి ఎంతో కాలం పట్టదు. అందుకే గొట్టాలకూ ఓడ రంగే.

అపోహ: పెద్ద ఫిరంగులన్నీ ఒకేసారి పేలిస్తే ఓడ పక్కకు జరుగుతుంది.

వాస్తవం: సముద్ర దృశ్యం కట్టేవారు ఈ నమ్మకంతో ఓడ పక్కన నీటిని దున్నినట్టు చెక్కుతారు. ఫొటోల్లో నీరు కలత చెందినట్టు కనిపించేది ఫిరంగి మూతి నుంచి వచ్చిన గాలి దెబ్బకు. అయోవా తొమ్మిది ఫిరంగులు ఒక్కసారి పేల్చినా, గుండ్ల బరువు, వేగం, ఓడ బరువు లెక్కవేస్తే, నీటి అడ్డు అసలు లేదనుకున్నా ఓడకు వచ్చే వేగం సెకనుకు సుమారు 15 సెం.మీ. మాత్రమే. నీరు దాన్ని కూడా మింగేస్తుంది.

అపోహ: యుద్ధనౌకల వివరాలు సేకరిస్తే పోలీసులు పట్టుకుంటారు.

వాస్తవం: తుక్కయిపోయిన ఓడల గురించి ఎవరికీ అభ్యంతరం లేదు. పనిచేస్తున్న ఓడల విషయంలో మాత్రం మర్యాద పాటించాలి. డాక్‌యార్డు నిషిద్ధ ప్రాంతం, గోడ మీదుగా ఫోను ఎత్తితే పట్టుకోవడం న్యాయమే. నౌకాదళ ప్రదర్శనలప్పుడు విశాఖ ఆర్కే బీచ్‌లో వారే పిలిచి చూపించే సందర్భాలు ఉంటాయి, తీరంలో కురుసుర జలాంతర్గామి మ్యూజియంగా ఉంది. అన్నట్టు కురుసుర పొడవు, కిస్ట్నా పొడవు రెండూ సుమారు 91.3 మీటర్లు. కిస్ట్నా ఎంత ఓడో ఊహించుకోవడానికి కురుసుర పక్కన ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం కంటే మంచి మార్గం లేదు.

అపోహ: విదేశీ సామాను లేకపోతే ఈ పని కుదరదు.

వాస్తవం: కిట్లు విదేశాలవే, నిజమే. చేతితో కట్టేవారికి మాత్రం మన ఊరే చాలు. 1/96 స్కేలులో కిస్ట్నా 95 సెం.మీ. వస్తుంది. లోపలి దిమ్మకు కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి వాడతాను. తేలిక, కత్తికి లొంగుతుంది, కానీ వేలిగోరు తగిలినా సొట్ట పడుతుంది కాబట్టి పైన ప్లాస్టిక్ రేకు తొడగాలి. 4 అంగుళాల గొట్టం ఆ స్కేలులో 4.8 సెం.మీ. పొడవు, మూతి రంధ్రం ఒక మి.మీ. పైచిలుకు. ఆటోనగర్ లేతు యంత్రాలు లారీ సామాను తిప్పడానికి పెట్టినవి, ఇంత సన్నని ఇత్తడి కడ్డీ వాటిలో వంగిపోతుంది. చేతి డ్రిల్లులో కడ్డీ బిగించి, తిప్పుతూ కంసాలుల సన్న ఆకురాయితో మూతి వైపు క్రమంగా సన్నం చేయడం నయం. 1/350లో చిన్న ఫిరంగులకు ఇంజక్షన్ సూది పనికొస్తుంది. 26 గేజీ సూది వెలుపలి వ్యాసం 0.46 మి.మీ., అసలు కొలతలో 16 సెం.మీ. కాకపోతే సూది మొదలూ చివరా ఒకే లావు. మూతి వైపు సన్నబడే గొట్టాలకు అది నప్పదు.

త్రీడీ ప్రింటరు వచ్చాక ఇవన్నీ ఎందుకని అడుగుతారు. షీల్డుకు, చక్రాలకు, సీట్లకు అది బ్రహ్మాండం. సన్నని గొట్టాలకు మాత్రం ఇత్తడే వాడండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండ పడే గదిలో అద్దాల పెట్టెలో పెట్టిన, రెజిన్‌తో ప్రింటు చేసిన గొట్టాలు జూన్ వచ్చేసరికి తలలు వాల్చేస్తాయి. వేడి నీళ్లలో ముంచి తిన్నగా చేయవచ్చు గానీ, వచ్చే ఏడాది మళ్లీ అదే పని.