టర్బో కారుకు ఎగ్జాస్ట్: ఏ ముక్క మార్చాలి, ఎంత సైజు పెట్టాలి

టర్బో కారుకు ఎగ్జాస్ట్ మార్చాలనుకునేవాళ్లు చాలామంది వెనక నుంచి మొదలుపెడతారు. బంపర్ కింద కనిపించే టిప్పు, దాని ముందున్న డబ్బా మార్చేస్తారు. చప్పుడు పెరిగింది కాబట్టి పికప్ కూడా పెరిగిందనుకుంటారు. చప్పుడు పెరిగిన మాట నిజమే, బలం సంగతి వేరు. టర్బో ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ వల్ల దొరికే బలం దాదాపు అంతా ముందు భాగంలో, పొగ టర్బోను వదిలాక వచ్చే మొదటి అర మీటరులోనే ఉంటుంది. దాన్నే డౌన్‌పైపు అంటారు. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) కూడా సాధారణంగా అందులోనే ఉంటుంది.

టర్బోలో పొగ తోపుకు తిరిగే చక్రాన్ని టర్బైన్ అంటారు. అది ఎంత పని చేస్తుందన్నది పొగ వేడి మీద, టర్బైన్‌కి ముందూ వెనకా ఉన్న పీడనాల నిష్పత్తి మీద ఆధారపడి ఉంటుంది. లెక్క చూద్దాం. వాతావరణ పీడనాన్ని కలుపుకొని టర్బైన్ ముందు 2.5 బార్, వెనక 1.35 బార్ ఉన్నాయనుకుంటే నిష్పత్తి 1.85. వెనక అడ్డు తగ్గించి 1.35ని 1.1కి దించితే, అదే నిష్పత్తికి ముందు వైపు 2.04 బార్ చాలు. వెనక పావు బార్ తగ్గిస్తే ముందు దాదాపు అర బార్ తగ్గింది. దాంతో పొగను బయటికి నెట్టడానికి పిస్టన్ పడే శ్రమ తగ్గుతుంది. సిలిండర్‌లో మిగిలిపోయే వేడి పొగ తగ్గుతుంది, నాక్ (పెట్రోలు మిశ్రమం తనంతట తానే పేలడం) తగ్గుతుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) స్పార్కును కాస్త ముందుకు జరుపుకోగలుగుతుంది. టర్బో కూడా తక్కువ ఆర్‌పీఎంలోనే లేస్తుంది.

‘ఇంజిన్‌కి కొంత బ్యాక్ ప్రెషర్ (పొగ దారిలో అడ్డు) ఉండాలి, లేకపోతే టార్క్ పోతుంది’ అనే మాట ప్రతి సైలెన్సర్ షాపులోనూ వినిపిస్తుంది. టర్బో లేని ఇంజిన్‌లో పైపు సైజు, పొడవు మారితే పీడన తరంగాలు వచ్చే సమయం తప్పి కింది ఆర్‌పీఎంలో టార్క్ తగ్గుతుంది. ఆ అనుభవం లోంచి పుట్టిన మాట అది. అక్కడ కూడా టార్క్ ఇచ్చేది బ్యాక్ ప్రెషర్ కాదు. టర్బైన్ వెనకైతే అడ్డు ఎంత తక్కువ ఉంటే అంత మేలు.

ఇంకో విషయం ముందే తేల్చుకోవాలి. పోలో 1.0 టీఎస్ఐ, వర్టస్, స్లావియా 1.5 టీఎస్ఐ, ఆక్టేవియా వీఆర్ఎస్ లాంటి కార్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే గొట్టాలు) విడిగా ఉండదు, సిలిండర్ హెడ్‌లోనే పోతపోసి ఉంటుంది. టర్బో నేరుగా హెడ్‌కే బిగుస్తుంది. కాబట్టి వీటికి ‘హెడర్స్ (మానిఫోల్డ్ బదులు వేసే గొట్టాలు) వేస్తాం’ అని ఎవరైనా అంటే ఆ షాపు వాళ్లకు ఇంజిన్ తెలియదన్నమాట. డౌన్‌పైపు కొనేటప్పుడు ఫ్రంట్ వీల్ డ్రైవ్‌దా, ఆల్ వీల్ డ్రైవ్‌దా అని కూడా అడగాలి. ఇంజిన్ ఒకటే కదా అని ఆల్ వీల్ డ్రైవ్ గోల్ఫ్ ఆర్‌ది తెప్పించి వీఆర్ఎస్‌కి పెట్టబోతే కుదరదు, పైపు వెళ్లే దారే వేరు.

సైజు సంగతికి వద్దాం. వీఆర్ఎస్ 2.0 లీటర్ల కారు, మన దేశంలో 2017లో 230 పీఎస్‌తో, 2020లో 245 పీఎస్‌తో వచ్చింది. దాన్ని ట్యూనింగ్‌తో 300 హార్స్‌పవర్ దగ్గరికి తెచ్చారనుకోండి. అంత బలానికి సెకనుకు సుమారు 0.23 కిలోల గాలి కావాలి. పెట్రోలు కలిపితే బయటికొచ్చే పొగ దాదాపు 0.25 కిలోలు. టర్బైన్ దాటాక 800 డిగ్రీల వేడి దగ్గర అది సెకనుకు 680 లీటర్ల పరిమాణం అవుతుంది. 3 అంగుళాల పైపు అంటే బయటి కొలత 76.2 మి.మీ., 1.5 మి.మీ. మందం పోతే లోపల 73 మి.మీ. అందులో పొగ వేగం సెకనుకు 160 మీటర్లు. రెండున్నర అంగుళాల పైపులో లోపలి కొలత 60.5 మి.మీ., వేగం 236 మీటర్లు. పీడన నష్టం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఒకే వంపు దగ్గర రెండున్నర అంగుళాల పైపులో నష్టం 3 అంగుళాల దానికి రెండింతలు దాటుతుంది. అంచేత ఈ కారుకు డౌన్‌పైపు 3 అంగుళాలు ఉండాల్సిందే.

కానీ వెనక దాకా 3 అంగుళాలే లాగాలని లేదు. వెనక సైలెన్సర్ చేరేసరికి పొగ 500 డిగ్రీలకు చల్లారిందనుకుంటే దాని పరిమాణం 28 శాతం తగ్గిపోతుంది. అక్కడ రెండున్నర అంగుళాలు పెట్టినా పెద్దగా నష్టపోయేది లేదు. పైపు బరువు తగ్గుతుంది, సస్పెన్షన్ బీమ్ మీదుగా దాటించడం తేలికవుతుంది, చప్పుడు కూడా అదుపులో ఉంటుంది. పోలో 1.0ని 140 హార్స్‌పవర్ దాకా తెచ్చినవాళ్లకైతే మొత్తం రెండుంపావు అంగుళాల పైపు చాలు. దానికి 3 అంగుళాలు వేయడం డబ్బు దండగ, పైగా కింద రోడ్డు తగిలే భయం.

పైపు వంపుల్ని మాండ్రెల్ బెండింగ్‌తో చేయించాలి. మామూలు ప్రెస్ బెండుతో వంచితే వంపు దగ్గర పైపు నొక్కుకుపోతుంది. బిల్లులో 3 అంగుళాలని రాసినా ఆ చోట లోపల రెండున్నరే మిగలొచ్చు.

కొనే ముందు కొలిపించుకోవడం అన్నిటికంటే తెలివైన పని. దానికి కావాల్సింది ఒక గేజీ, ఒక అడాప్టర్. క్యాట్ వెనకుండే ఆక్సిజన్ సెన్సర్ విప్పితే ఆ రంధ్రం ఎం18, 1.5 పిచ్ మర. అందులో అడాప్టర్ బిగించి, మీటరు పొడవు రాగి గొట్టాన్ని చుట్టలు చుట్టి దానికి కలిపి, చివర 0-1 బార్ గేజీ పెట్టాలి. గొట్టం లేకుండా నేరుగా బిగిస్తే వేడికి గేజీ పోతుంది. డైనో (కారు బలం కొలిచే రోలర్ల యంత్రం) మీద ఫుల్ థ్రాటిల్‌లో 5,500-6,000 ఆర్‌పీఎం దగ్గర రీడింగ్ చూడాలి. 0.1 బార్ లోపు ఉంటే క్యాట్ వెనక ఏం మార్చినా బలం రాదు. 0.3 బార్ దాటితే అడ్డు అక్కడే ఉంది. సెన్సర్ తీసినందుకు చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, తిరిగి బిగించాక స్కానర్‌తో తుడిచేయొచ్చు.

క్యాట్ ముందు పీడనం చూడాలంటే మాత్రం ముందు సెన్సర్ జోలికి పోకూడదు. పెట్రోలు పాళ్లు ఈసీయూ దాన్ని చూసే సరిచేసుకుంటుంది, అది లేకుండా ఫుల్ థ్రాటిల్ ఇవ్వడం ప్రమాదం. డౌన్‌పైపు దించినప్పుడు క్యాట్‌కి ముందు ఒక చిన్న మర బొడ్డు వెల్డ్ చేయించుకుంటే చాలు, పని లేనప్పుడు ప్లగ్గు బిగించేయొచ్చు. ముందు, వెనక రీడింగుల తేడాయే క్యాట్ వల్ల కలిగే అడ్డు. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) అవుతున్నా పట్టించుకోకుండా నడిపిన కార్లలో క్యాట్ లోపలి తేనెపట్టు కరిగి సగం మూసుకుపోయి ఉంటుంది. అలాంటి కారుకు ఎంత ఖరీదైన సైలెన్సర్ వేసినా లాభం లేదు. మిస్‌ఫైర్ ఎందుకు వస్తోందో చూడకుండా కొత్త క్యాట్ వేసినా అదీ కరుగుతుంది.

కంపెనీ క్యాట్‌లో చదరపు అంగుళానికి సాధారణంగా 400 నుంచి 600 గదులుంటాయి. మార్కెట్లో దొరికే పెర్ఫార్మెన్స్ క్యాట్‌లు పల్చటి లోహపు రేకుతో చేసిన 200 గదులవి. అడ్డు బాగా తగ్గుతుంది, శుద్ధి కూడా కొంత తగ్గుతుంది. ఈసీయూ ముందు, వెనక సెన్సర్లను పోల్చి చూస్తూ ఉంటుంది. వెనక సెన్సర్ రీడింగ్ కూడా ముందు దానిలా ఊగిసలాడితే క్యాట్ పనిచేయడం లేదని తేల్చి పీ0420 కోడ్ వేస్తుంది. చవక 200 గదుల క్యాట్‌లో పూత తక్కువ, కాబట్టి కొన్ని నెలలకే ఈ కోడ్ మొదలవుతుంది. ఇంకా చవకదైతే లోపలి చుట్ట అతుకు ఊడి వెనక్కి జరిగి పైపుకు అడ్డం పడుతుంది. వెనక సెన్సర్ కింద స్పేసర్ పెట్టి కోడ్ రాకుండా చేయడం వైద్యం కాదు, థర్మామీటర్‌ని మోసం చేయడం.

క్యాట్ పూర్తిగా తీసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. మంచి 200 గదుల క్యాట్‌తో పోలిస్తే దాని వల్ల అదనంగా వచ్చే బలం స్వల్పం. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం శుద్ధి కాకుండా నేరుగా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి వస్తుంది. పీయూసీలో ఐడిల్ దగ్గర బీఎస్4, బీఎస్6 పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించకూడదు. క్యాట్ లేని కారు ఆ పరీక్ష నిజాయితీగా దాటడం కష్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మొదటిసారి మూడు నెలల దాకా జైలు గానీ 10,000 రూపాయల దాకా జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత కూడా ఉంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు క్యాట్ తీయడం ఫెడరల్ చట్టానికే విరుద్ధం. కాలిఫోర్నియాలోనైతే పెర్ఫార్మెన్స్ డౌన్‌పైపు మీద ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన అనుమతి ఉత్తర్వు (ఈఓ) నంబరు లేకపోతే స్మాగ్ చెక్ అనే కాలుష్య పరీక్ష దగ్గరే ఆగిపోతారు.

డౌన్‌పైపు మార్చాక ట్యూన్ చేయించకుండా నడిపితే మరో తలనొప్పి. వెనక అడ్డు తగ్గగానే టర్బైన్ ముందుకంటే తేలిగ్గా తిరుగుతుంది. కొన్ని టర్బోల్లో వేస్ట్‌గేట్ (మిగులు పొగను టర్బైన్‌కి తగలకుండా పక్కకు వదిలే తలుపు) పూర్తిగా తెరుచుకున్నా పై ఆర్‌పీఎంలో బూస్టు (టర్బో నెట్టే గాలి పీడనం) పెరుగుతూనే పోతుంది. దాన్ని బూస్ట్ క్రీప్ అంటారు. ఈసీయూ పీ0234 కోడ్ వేసి బలం తగ్గించేస్తుంది. వేస్ట్‌గేట్ మూత పూర్తిగా తెరుచుకోవడానికి డౌన్‌పైపు మూతి దగ్గర చోటుందో లేదో కూడా చూడాలి. కొన్ని చవక పైపుల్లో ఫ్లాంజ్ లోపలి అంచు మూతకు తగులుతుంది.

పైపు లోహం దగ్గర మోసాలు ఎక్కువ. కంపెనీ పైపులు చాలావరకు స్టెయిన్‌లెస్ స్టీల్ (ఎస్ఎస్) 409 రకానివి, పైన తుప్పు రంగు వస్తుంది గానీ త్వరగా చిల్లు పడదు. 304 రకానికి మెరుపు నిలుస్తుంది, కానీ వేడికి ఎక్కువ సాగుతుంది. మీటరు పైపు 500 డిగ్రీలు వేడెక్కితే 409 దాదాపు 6 మి.మీ. సాగుతుంది, 304 దాదాపు 9 మి.మీ. ఆ మూడు మిల్లీమీటర్లకు చోటివ్వకుండా గట్టిగా బిగిస్తే హ్యాంగర్ దగ్గరో వెల్డింగ్ పక్కనో పగులుతుంది. 304 అని చెప్పి చవక రకమైన 202 అంటగట్టే షాపులున్నాయి. అయస్కాంతంతో ఈ రెండింటికీ తేడా తెలియదు. స్టీలు వ్యాపారులు వాడే టెస్టింగ్ లిక్విడ్ ఒక చుక్క వేస్తే 202 ఎర్రబడుతుంది, ఐదు నిమిషాల పని.

వెల్డింగ్ టిగ్‌తోనే (ఆర్గాన్ వాయువు రక్షణలో చేసే పద్ధతి) చేయించాలి. పైపు లోపలికి కూడా ఆర్గాన్ పంపిస్తున్నారో లేదో నిలబడి చూడాలి. పంపకపోతే లోపలి వైపు వెల్డు నల్లగా, గరుకుగా పూసి పెళుసుబారుతుంది. బయటికి మాత్రం అందంగానే ఉంటుంది. 304కి 304 అతకడానికి 308ఎల్ రాడ్డు, మైల్డ్ స్టీలుకు అతకడానికి 309ఎల్ వాడాలి.

ఇంజిన్ అడ్డంగా ఉన్న కార్లలో యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజిన్ ముందుకూ వెనక్కీ ఊగుతుంది. ఆ ఊపును మింగడానికే డౌన్‌పైపు తర్వాత ఫ్లెక్స్ ముక్క (జాలీ అల్లిన వంగే గొట్టం) పెడతారు. అది వంగడానికి ఉంది, మెలిపడటానికి కాదు. బిగించేటప్పుడు మెలిక పడిందంటే కొద్ది నెలల్లో జాలీ తెగుతుంది. లోపల ఇంటర్‌లాక్ లైనర్ (ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకునే రేకుల గొట్టం) ఉన్నదే కొనాలి.

ఇక చప్పుడు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 2,400 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 80 సార్లు పేలుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు తల దిమ్మెక్కించే బోం అనే మోత ఈ 80 హెర్ట్జ్‌దే. అద్దాలు మూస్తే తగ్గకపోగా పెరుగుతుంది. గ్లాస్‌వూల్ నింపిన స్ట్రెయిట్ త్రూ సైలెన్సర్ కీచు శబ్దాల్ని బాగా పీల్చుకుంటుంది గానీ ఇంత లోతైన శబ్దాన్ని ఆపలేదు. దానికి పక్కకు అతికించే మూసిన గొట్టం, అంటే క్వార్టర్ వేవ్ రెసొనేటర్ మందు. పొడవు లెక్క తేలికే: పొగలో శబ్ద వేగాన్ని నాలుగింతల ఫ్రీక్వెన్సీతో భాగించాలి. మూసిన గొట్టంలో పొగ 200 డిగ్రీల దగ్గర ఉంటుందనుకుంటే శబ్ద వేగం సుమారు 430 మీటర్లు, పొడవు 1.34 మీటర్లు. అంత గొట్టం కారు కింద ఇమడాలంటే పైపు వెంబడి వెనక్కి మడిచి తేవాలి. మూడు సిలిండర్ల ఇంజిన్‌లో అదే ఆర్‌పీఎంకి 60 హెర్ట్జ్ కాబట్టి ఇంకా పొడవు కావాలి. అందుకే 1.0 కార్లకు కంపెనీ వెనక డబ్బాను అలాగే ఉంచి ముందు భాగం మాత్రమే మార్చడం మంచి ఎంపిక.

బిగింపు ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి. మొదట అన్నీ వదులుగా తగిలించి, బాడీకి, డ్రైవ్ షాఫ్ట్ బూట్‌కి, ఫ్యూయల్ పైపులకు ఎడం చూసుకోవాలి. బాడీకి కనీసం 25 మి.మీ., రబ్బరు, ఇంధనం ఉన్నచోట 50 మి.మీ. పైన ఉండాలి, హీట్ షీల్డ్ తీసేయకూడదు. ఆ తర్వాత టర్బో క్లాంప్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటే బిగించాలి. టర్బో దగ్గర క్లాంప్, గ్యాస్కెట్ పాతవి వాడొద్దు. ముందు సెన్సర్ కంటే ముందే ఎక్కడైనా లీకుంటే బయటి గాలి లోపలికి లాగి మిశ్రమం పల్చబడినట్టు చూపిస్తుంది, ఈసీయూ అనవసరంగా పెట్రోలు పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. పొగ మెషీన్‌తో చూస్తే లీకు ఎక్కడుందో కనబడుతుంది. నాలుగైదుసార్లు వేడెక్కి చల్లారాక బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగించాలి. విప్పిన కంపెనీ డౌన్‌పైపును పాత సామాన్లవాడికి అమ్మొద్దు. అందులోని క్యాట్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కాబట్టి వాళ్లు ఆశపెడతారు గానీ, రేపు వారంటీకో కారు అమ్మకానికో కొత్తది కొనాల్సివస్తే ఆ డబ్బు ఏ మూలకూ రాదు.