"తలుపు నువ్వే తియ్యి బావా": హారర్ గేముల మీద అపోహలు, వాస్తవాలు

నా పని ఏమిటని ఎవరైనా అడిగితే మా అమ్మ "కంప్యూటర్లో దయ్యాలను ఆడిస్తాడు" అని చెబుతుంది. మరీ తప్పేం కాదు. హారర్ అడ్వెంచర్ గేములకు శబ్దాలు తయారు చేస్తాను, గదులూ మెట్లూ వరండాలూ ఎక్కడ ఉండాలో అమరుస్తాను. కొన్నేళ్లు హైదరాబాదులో చేసి, ఇప్పుడు ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి మేడ మీద గదిలోంచే చిన్న చిన్న టీములకు పని చేస్తున్నాను. ఈ పని గురించి పెళ్ళిళ్ళలో చుట్టాల దగ్గర, గేములు నేర్చుకుంటామని వచ్చే కుర్రాళ్ళ దగ్గర మళ్ళీ మళ్ళీ వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో సగం ఒకప్పుడు నేనూ నమ్మినవే.

అపోహ: దయ్యం ఎంత భయంకరంగా ఉంటే ఆట అంత భయపెడుతుంది.

ఒక ఆట సగంలో ఉండగా మా బావమరిదిని కూర్చోబెట్టి ఆడించాను. పాత బంగళా. కింద సామాన్ల గది, దానికో తలుపు. తలుపు వెనక ఏదో బరువైనదాన్ని నేల మీద ఈడ్చిన చప్పుడు వస్తుంది, మనం దగ్గరకు వెళ్ళగానే ఆగిపోతుంది. వాడు తలుపు దాకా వచ్చాడు. మౌస్ మీంచి చెయ్యి తీసేసి కుర్చీలో వెనక్కి జరిగాడు. "నేను తియ్యను. నువ్వే తియ్యి బావా" అన్నాడు.

ఆ తలుపు వెనక ఏమీ లేదు. దయ్యం బొమ్మ అప్పటికింకా తయారే కాలేదు. గోడలకు రంగైనా వెయ్యని ఖాళీ గది, అంతే. రెండు నెలలకు దయ్యం వచ్చింది. చేసినావిడ నిజంగా కష్టపడి చేసింది. మళ్ళీ బావమరిదినే పిలిచాను. ఈసారి తలుపు తీసి, కాసేపు పరీక్షగా చూసి, "పళ్ళు బాగా చేశారు బావా" అన్నాడు. భయపడ్డవాడు పళ్ళు లెక్కపెట్టడు.

సినిమాలో ఆ పిల్ల తలుపు తీస్తుంటే వద్దు వద్దని మనం అనుకుంటూనే ఉంటాం, ఆమె తీసేస్తుంది. ఆటలో మనం తియ్యకపోతే ఎవరూ తియ్యరు. కథ మన కోసం ఆగి నిలబడుతుంది. ఆ నిలబడిన క్షణాలను తయారు చెయ్యడమే నా పని. 1996లో వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్' అనే ఆటలో ఏ గదిలోకి వెళ్ళినా చీకట్లో ఒక తలుపు మెల్లగా తెరుచుకోవడం చూపిస్తారు. డిస్కు మీంచి తర్వాతి గది లోడ్ అయ్యేందుకు పట్టే టైమును కప్పిపుచ్చడానికి పెట్టిన బొమ్మ అది. కానీ ఆడినవాళ్ళకు ఆ తలుపులే ఎక్కువ గుర్తు. నొక్కేశావు, వెనక్కి తీసుకోలేవు, లోపల ఏముందో ఇంకా తెలీదు.

1999 నాటి 'సైలెంట్ హిల్'లో ఊరంతా పొగమంచు. ఆట నడిపే ప్లేస్టేషన్ మిషన్‌కు అంత దూరం వీధులు గీసే శక్తి లేక కమ్మిన పొగమంచు అది. దానికి తోడు జేబులో చిన్న రేడియో ఇచ్చారు. ఏదైనా దగ్గరకొస్తుంటే అది గరగరమంటుంది. ఎటు నుంచో చెప్పదు. వస్తోందని మాత్రం చెబుతుంది. అంతకన్నా క్రూరమైన వస్తువును నేను ఇంతవరకూ తయారు చెయ్యలేకపోయాను.

అపోహ: ఒక్కసారిగా మొహం మీదకొచ్చి అరిస్తే చాలు.

జంప్‌స్కేర్ అంటారు దీన్ని. అది భయం కాదు, ఉలికిపాటు. కాగితం సంచీ ఊది చెవి దగ్గర పగలగొడితే పసిపిల్లాడూ ఉలిక్కిపడతాడు, పహిల్వానూ ఉలిక్కిపడతాడు. పెద్ద చప్పుడు వినపడగానే దాదాపు సెకనులో ఇరవయ్యో వంతు లోపే కళ్ళు మూసుకుపోతాయి, మెడ కుంచించుకుపోతుంది. అదేమిటో మెదడు ఆలోచించే లోపే ఒళ్ళు తన పని తాను చేసేస్తుంది. ఒళ్ళు త్వరగా అలవాటు కూడా పడిపోతుంది. అదే చప్పుడు పదిసార్లు వినిపిస్తే పదోసారికి కనురెప్ప కొంచెం ఆడుతుంది, అంతే.

అలాగని జంప్‌స్కేర్ చవకబారుదని కొట్టిపారేసేవాళ్ళతోనూ నేను ఒప్పుకోను. ముందే ఏదో కీడు శంకిస్తున్న మనిషి అదే చప్పుడుకు ఎక్కువ ఉలిక్కిపడతాడు. చీకట్లో ఉన్నా అంతే. ఇవి ప్రయోగశాలల్లో కొలిచి చూసిన సంగతులే. అంటే ఉలికిపాటు వడ్డీ లాంటిది, అసలు ముందు పెట్టి ఉండాలి. 'రెసిడెంట్ ఈవిల్'లో కుక్కలు కిటికీ అద్దాలు బద్దలు కొట్టుకుని వరండాలోకి దూకే చోటు అందరికీ గుర్తే. అక్కడ మనం ఎగిరిపడటం చిన్న విషయం. ఆ తర్వాత ఆ ఇంట్లో కిటికీ ఉన్న ప్రతి వరండాలోనూ గోడ వైపు నక్కి నడుస్తాం, అదీ పెద్ద విషయం. నాలుగు గంటల ఆటకు రెండు జంప్‌స్కేర్లు చాలని నా లెక్క. డబ్బు పెట్టేవాళ్ళు ఇరవై అడుగుతారు. యూట్యూబులో ఆడేవాళ్ళు అరిస్తే ఆట అమ్ముడవుతుందట. ఎనిమిది దగ్గర రాజీ పడ్డ రోజులూ ఉన్నాయి, దాచడమెందుకు.

అపోహ: చేతిలో ఆయుధం లేకుండా చేస్తే చాలు, భయం దానంతటదే వస్తుంది.

ఇది 2010 తర్వాత ముదిరింది. ఆ ఏడాది ఫ్రిక్షనల్ గేమ్స్ వాళ్ళు 'అమ్నీసియా: ద డార్క్ డిసెంట్' తెచ్చారు. అందులో కొట్లాట లేదు, పరిగెత్తడమో నక్కడమో. అది బాగా ఆడింది కాబట్టి అందరూ ఆయుధాలు తీసేశారు. వాళ్ళు తీసేసినదాన్నే చూశారు, పెట్టినదాన్ని చూడలేదు. ఆ ఆటలో చీకట్లో ఉంటే మనిషికి మతి తప్పుతుంది, వెలుగులో ఉంటే రాక్షసుడి కంట పడతాడు. లాంతరులో నూనె తక్కువ, వెలిగించడానికి సామాను తక్కువ. రాక్షసుడి వైపు చూసినా మతి తప్పుతుంది కాబట్టి ఎక్కడున్నాడో చూసుకోవడానికీ వీల్లేదు. ఏ వైపు అడుగేసినా ఏదో ఒకటి చెల్లించాలి.

ఆయుధం ఉన్నా ఇదే లెక్క నడుస్తుంది. నాలుగు తూటాలున్నవాడికి ఒక్కో తూటా ఒక్కో బెంగ. పాత 'రెసిడెంట్ ఈవిల్'లో ఆట సేవ్ చేసుకోవాలంటే టైప్‌రైటర్, దానికో సిరా రిబ్బను కావాలి, రిబ్బన్లు లెక్క ప్రకారమే దొరుకుతాయి. ఇప్పుడే సేవ్ చేసుకోనా, ఇంకో గది చూసి వచ్చి చేసుకోనా? పిల్లలకు ఇది చెబితే నవ్వుతారు. నెలాఖరున సిలిండరు ఎన్ని రోజులొస్తుందో చూసుకునే ఇంటివాళ్ళకు చెబితే వెంటనే అర్థమవుతుంది.

అపోహ: చచ్చిపోతామన్న భయమే అసలు భయం.

ఆటలో చావు భయాన్ని చంపేస్తుంది. మొదటిసారి దొరికిపోయినప్పుడు గుండె జారుతుంది. రెండోసారికి వాడు ఎటు నుంచి వస్తాడో తెలుసు. నాలుగోసారికి అది సప్లిమెంటరీ పరీక్ష. భయం పోయి చిరాకు మిగులుతుంది. అందుకే 'అమ్నీసియా'లో ఒకసారి చచ్చి వస్తే అదే రాక్షసుడు అదే మూల ఉండాలని లేదు. కొన్నిచోట్ల జరుగుతాడు, కొన్నిచోట్ల అసలు ఉండడు. ఆటగాడు కంఠతా పట్టిన పాఠం పనికిరాకుండా పోతుంది.

ఈ విషయంలో నాకు గురువు 2014లో వచ్చిన 'ఏలియన్: ఐసోలేషన్'. అందులో గ్రహాంతర జీవికి రెండు బుర్రలు పెట్టారు. పైబుర్రకు మనం ఎక్కడున్నామో ఎప్పుడూ తెలుసు. కానీ అది జీవికి మన జాడ చెప్పదు, ఫలానా వైపు వెళ్ళి వెతుకు అని దారి మాత్రం మళ్ళిస్తుంది. వెతుక్కోవాల్సింది జీవే, తన కళ్ళతో, చెవులతో. దొంగాట ఆడుతున్నట్టు మనకు అనిపించదు, వదిలేసినట్టూ అనిపించదు. పైగా ఆ ఆటలో సేవ్ చెయ్యాలంటే గోడకున్న మిషన్లో కార్డు పెట్టి కొన్ని సెకన్లు నిలబడాలి, ఆ సెకన్లలో లోకం ఆగదు. నేను తెలిసినవాళ్ళతో ఆడించినప్పుడల్లా ఆ మిషన్ దగ్గర వాళ్ళ భుజాలు చూస్తాను. చెవుల దాకా లేచి ఉంటాయి.

అపోహ: గ్రాఫిక్స్ బాగుంటేనే భయం.

పై పొగమంచు సంగతి మళ్ళీ చదవండి.

అపోహ: చెవికి వినపడని శబ్దం పెడితే మనిషికి తెలియకుండానే భయమేస్తుంది.

నా అసలు పని శబ్దం కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతాను. ఈ కథకు మూలం ఉంది. విక్ టాండీ అనే ఇంగ్లండు ఇంజినీరు 1998లో ఒక వ్యాసం రాశాడు. తను పనిచేసే ల్యాబ్‌లో జనానికి ఎవరో ఉన్నట్టు అనిపించడానికి కారణం ఒక ఫ్యాన్ పుట్టించే దాదాపు 19 హెర్ట్జ్ (సెకనుకు 19 సార్లు ఊగే) కంపనమని అందులో వాదించాడు. ఆ వాదన ఎంతవరకు నిలుస్తుందన్నది పక్కన పెట్టండి. మన చెవికి దాదాపు 20 హెర్ట్జ్ కింద వినపడటం కష్టం. ఫోను స్పీకరు, ల్యాప్‌టాప్ స్పీకరు అయితే వంద కింద ఏమీ పలకలేక చేతులెత్తేస్తాయి. మీరు ఎంతో కష్టపడి పెట్టిన ఆ రహస్య శబ్దం ఆటగాడి గది దాకా చేరనే చేరదు.

చేరేవి వేరే ఉన్నాయి. ఎక్కడి నుంచి వస్తోందో తేలని చప్పుడు మొదటిది. ఎడమా కుడీ మనం ఎలా పోల్చుకుంటామంటే, ఒక చెవికి శబ్దం ఇంకో చెవి కన్నా కాస్త ముందు చేరుతుంది. ఎంత పక్కగా వచ్చినా ఆ తేడా మిల్లీసెకనులో ముప్పాతిక కూడా ఉండదు. సరిగ్గా ముందు నుంచి, సరిగ్గా వెనక నుంచి వచ్చేవాటికి ఆ తేడాయే లేదు. మామూలుగా తల కొంచెం తిప్పి తేల్చుకుంటాం. హెడ్‌ఫోన్లలో తల తిప్పినా శబ్దం తలతోపాటే తిరుగుతుంది. ముందా వెనకా తేలదు. సంగీతం చేసేవాళ్ళకు ఇది లోపం, నాకు మాత్రం జీతం.

రెండోది, ఒళ్ళు గుర్తుపట్టే పదార్థం. తలుపు మీద గోళ్ళతో గీరే చప్పుడు కావాల్సి వచ్చింది. ఇంటర్నెట్లో దొరికేవన్నీ సుద్దముక్క చప్పుళ్ళే. మా ఊరు కొమ్ము పనికి పేరు. పశువుల కొమ్ముతో కొంగలు, దువ్వెనలు చేస్తారు. ఇంట్లో ఒక పాత కొమ్ము దువ్వెన ఉంటే దాన్ని వెనక గది టేకు తలుపు మీద మెల్లగా లాగి రికార్డు చేశాను. కొమ్ము పైపొర, మన గోరు రెండూ కెరాటిన్ అనే ఒకే పదార్థం. ఆ చప్పుడు విన్నప్పుడల్లా మా అత్తయ్య తన చేతివేళ్ళు ముడుచుకుంటుంది. తలుపు మీద గీతలు పడ్డందుకు అమ్మ ఇప్పటికీ తిడుతోంది.

అపోహ: పజిల్ కష్టమైతే టెన్షన్ పెరుగుతుంది.

అడ్వెంచర్ గేములు చేసేవాళ్ళందరం చేసిన తప్పిది. నా మొదటి ఆటలో నేలమాళిగలో ఒక అంకెల తాళం పెట్టాను. ఆధారాలు మూడు గదుల్లో ఉంటాయి. చుట్టూ చీకటి, మూలుగులు, అన్నీ ఉన్నాయి. ఆడినవాళ్ళు పదో నిమిషానికి ఫోను తీసి లెక్కలు కట్టడం మొదలుపెట్టారు. ఒకతను వెనక నుంచి మూలుగు వస్తుంటే "అబ్బా, కాసేపు ఊరుకో" అన్నాడు, దయ్యంతో. లెక్క కట్టే బుర్ర వేరు, బెదిరే బుర్ర వేరు, రెంటినీ ఒకేసారి నడపలేం.

1995 నాటి 'క్లాక్ టవర్'లో పజిళ్ళు తేలికే. పెద్ద కత్తెరవాడు ఎప్పుడు పడతాడో తెలీదు, దాక్కున్న చోట ఒక్కోసారి దొరికిపోతాం. తేలిక పని కూడా ఆ పరిస్థితిలో చెయ్యి వణికిస్తుంది. 2006లో అర్జెంటీనా వాళ్ళు చేసిన 'స్క్రాచెస్' ఇంకో దారిలో వెళ్ళింది. పెద్ద ఇల్లు, ఒంటరి రచయిత, గోడల వెనక గీరుడు. ఆటలో ఎక్కువ భాగం మీదపడేది ఏదీ లేదు. కొన్నిచోట్ల ఏం చెయ్యాలో తెలియక తిరగాల్సి వస్తుంది, అక్కడ ఆ ఆటలోనూ భయం సన్నగిల్లుతుంది. కానీ రాత్రయ్యాక ఆ గీరుడు మొదలైతే మెట్లు దిగబుద్ధి కాదు.

అపోహ: మన ఊళ్ళ దయ్యం కథలు ఉన్నదున్నట్టు ఆటగా తీస్తే అదిరిపోతుంది.

ఈ సలహా నాకు నెలకొకరు ఇస్తారు. చిల్లంగి (చేతబడి) మీద తియ్యమంటారు. నేను తియ్యను. చిల్లంగి చేస్తున్నారని ముద్ర వేసి నిజం మనుషుల్ని కొట్టిన, చంపిన ప్రాంతం ఇది. ఒడిశా ప్రభుత్వం 2013లో దాని మీద ప్రత్యేకంగా చట్టమే చెయ్యాల్సి వచ్చింది. ముసలావిడను మంత్రగత్తెగా చూపించి కుర్రాళ్ళ చేత తరిమించే ఆట నా మేడ మీంచి బయటకు వెళ్ళదు.

దానికి బదులు ఇప్పుడు చిన్న రైలు మీద పని చేస్తున్నాం. 1900లో నౌపడా నుంచి మా ఊరికి వేసిన నేరోగేజి లైను అది, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆపేసి పెద్ద లైను వేశారు. దాని కూత ఎలా ఉండేదని అమ్మను అడిగాను. కూత గుర్తులేదంది. పెట్టెలో దీపం లేని రాత్రుళ్ళు గుర్తున్నాయంది. బయట ఏమీ కనపడదు. ఊరు దాటిపోతామేమోనని రైలు ఆగినప్పుడల్లా వేళ్ళ మీద లెక్కపెట్టుకునేదట. టెక్కలి, టెంబూరు, పాతపట్నం, ఇక తర్వాతది మనూరే, దిగాలి.

మా ఆటలో మొదటి అరగంట ఇదే. చీకటి పెట్టె, ఆగిన ప్రతిసారీ బయట నుంచి వినపడే ఊరి చప్పుళ్ళు, వేళ్ళ మీద లెక్క. పాతపట్నం తర్వాత రైలు ఆగుతుంది. బయట ఏ చప్పుడూ లేదు. తలుపు మన చేత్తోనే తియ్యాలి. పోయిన ఆదివారం బావమరిది అక్కడిదాకా వచ్చి, మౌస్ వదిలేసి, పదకొండు నిమిషాలు అలాగే కూర్చున్నాడు.