నిజమే, కానీ ఎప్పటిది? చదివింది పదిమందికి పంపడంలో అపోహలు - వాస్తవాలు

గ్రంథాలయంలో నా ఉద్యోగం. పొద్దున్నే పేపర్లు సర్దాక, నెట్‌లో చదివినవాటిలో బాగున్నవి మూడు ఏరి, ఒక్కోదాని కింద నా మాటగా రెండు ముక్కలు రాసి మా పాఠకుల వాట్సాప్ గ్రూపులో పెడతాను. ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పని ఇది. ఇట్టా పంపేవాళ్ళు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, సంతోషం. అయితే వారానికి ఒకరైనా నా బల్ల దగ్గరకొచ్చి ఇదే మాట అంటారు: "నేను పంపింది నిజమే గదా మేడమ్, అబద్ధం కాదు గదా! తేదీ లేకపోతే ఏమవుద్ది?"

ఏమవుద్దో చెప్తాను.

అపోహ: విషయం నిజమైతే చాలు, ఎప్పటిదో అనవసరం.

వాస్తవం: నేను చూసినంతలో జనాన్ని ఎక్కువగా ముంచింది అబద్ధపు వార్త కాదు, తేదీ ఊడిపోయిన నిజం వార్త. అబద్ధమైతే ఎవరో ఒకరు అనుమానపడతారు. పేరున్న పేపర్ కట్టింగ్ చూశాక ఎవరు అనుమానపడతారు?

ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువు చేసే రైతు ఒకాయన మా పాఠకుడు. 2021 మే నెల, కరోనా రెండో వేవ్ ముదిరిన రోజులు. ప్రాసెసింగ్ ప్లాంట్లు నడవడం లేదు, రొయ్య కొనేవాళ్ళు లేరు అని ఒక కట్టింగ్ ఆయన ఫోన్‌కి వచ్చింది. నిజమైన వార్తే. కాకపోతే 2020 మార్చి చివర్లో, దేశమంతా లాక్‌డౌన్ పెట్టిన వారంలోది. పేజీ పైన తేదీ ఉండే అంచు ఫొటోలో లేదు. ఆయన ఆ రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారి దొరికిన వ్యాపారిని పిలిచి వంద కౌంటుకే పట్టించేశాడు. కౌంటంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క, అది తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. ఇంకో నెల ఆగితే అరవై కౌంటుకు వచ్చే సరుకు. పక్క చెరువాయన ఆగాడు, ఆయన సరుకు మామూలుగానే అమ్ముడుపోయింది. ఈయనకు మేత బాకీ అట్నే మిగిలింది.

తర్వాతెప్పుడో ఆ కట్టింగ్ నాకు చూపిస్తే ఈ-పేపర్ పాత సంచికలు తిరగేసి తేదీ పట్టుకున్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ మెసేజ్ పంపింది సొంత బామ్మర్ది. చెడు తలపెట్టి కాదు, బావ నష్టపోకూడదని పంపాడు. నాకు బాధ కలిగించేది అదే. ప్రేమకొద్దీ పంపినదే మనిషిని ముంచింది.

ఇది ఎందుకు జరుగుతుందో కాస్త గమనించండి. మెసేజ్ కింద కనిపించే టైము అది మీకు చేరిన టైము. వార్త రాసిన రోజు అది కాదు. పొద్దున ఏడున్నరకు వచ్చింది కాబట్టి పొద్దుటి వార్తే అని మనసు అనుకుంటుంది. పైగా దాన్ని కాపీ చేసి మళ్ళీ పెడితే 'ఫార్వర్డ్' అన్న గుర్తు కూడా పోతుంది, మీరే రాసినట్టు కనిపిస్తుంది.

వరదలప్పుడూ ఇంతే. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కనున్న పడుగుపాడు దగ్గర జాతీయ రహదారికి గండి పడింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆ వీడియోలు నూటికి నూరుపాళ్ళూ నిజం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిపోయాక కూడా అవే వీడియోలు "రోడ్డు తెగింది, ఎవరూ బయలుదేరొద్దు" అంటూ తిరిగాయి. మా పెద్దక్క ఒంగోలు నుంచి నెల్లూరుకు స్కానింగ్‌కి రావాల్సింది, భయపడి ఆగిపోయింది. మళ్ళీ అపాయింట్‌మెంట్ దొరికేసరికి రెండు వారాలు పట్టింది. తుపాను సంగతి పంపాలంటే వాతావరణ శాఖ బులెటిన్ పంపండి. దాని నెత్తినే నంబరు, తేదీ, గంట ఉంటాయి.

భయపడే వాళ్ళను నేను తప్పుపట్టను. చెరువులో లక్షలు పోసినవాడు, ఆసుపత్రికి బయలుదేరాల్సినావిడ భయపడకుండా ఎట్టా ఉంటారు? తేదీ చూడాల్సింది పంపేవాళ్ళు. కష్టమేం కాదు. లింకు తెరిస్తే శీర్షిక కింద తేదీ ఉంటుంది. ఒక్కోసారి రెండుంటాయి, ప్రచురించినది ఒకటి, మార్చినది ఒకటి, మొదటిదే చూడండి. వీడియో అయితే ఒక స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాతది చాలాసార్లు బయటపడుతుంది. తేదీ దొరకలేదా, పంపకండి.

నేను రాసే రెండు ముక్కల్లో మూడు సంగతులుండేట్టు చూసుకుంటాను: ఎప్పటిది, ఏముంది, ఎవరికి పనికొస్తుంది. ఉదాహరణకు ఇట్టా: "నేలపట్టు పక్షుల కేంద్రంలోని గూడబాతుల (పెలికాన్ల) మీద వ్యాసం. 2019లో రాసింది, అందుకే నెల్లూరు జిల్లా అని ఉంది; 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూళ్ళు కట్టే భాగం పిల్లలకు చదివి వినిపించండి." అంతే. ఆ జిల్లా ముక్క అల్పంగా కనిపించొచ్చు. 2022 ఏప్రిల్ 4న కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి మారింది. ఆ వేసవిలో పాత వ్యాసం చదువుకుని, అర్జీ పట్టుకుని ఎండలో ఒంగోలు కలెక్టరేట్ దాకా పోయి వెనక్కొచ్చిన ముసలాయన్ని నేను చూశాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: శీర్షిక చదివితే విషయం తెలిసినట్టే.

వాస్తవం: కాదు. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్ పరిశోధకులు కలిసి ట్విట్టర్‌లో పంచుకున్న వార్తల లింకులను పరిశీలిస్తే 59 శాతం లింకులను ఒక్కరూ తెరవలేదని తేలింది. చివరి పేరా దాకా చదవకుండా నేను ఏదీ పెట్టను.

అపోహ: మొత్తం కాపీ చేసి పెడితే చదివేవాళ్ళకు సులువు.

వాస్తవం: 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ సమీక్షకో విమర్శకో కొంత భాగం ఉటంకించనిస్తుంది, వ్యాసమంతా ఎత్తి పెట్టుకోమనదు. అదట్టా ఉంచండి. వ్యాసంలో తప్పు దొర్లితే రాసినవాళ్ళు అక్కడ దిద్దుకుంటారు. లింకు ఇస్తే దిద్దినది కనిపిస్తుంది, మీ కాపీలో తప్పు తప్పుగానే తిరుగుతుంటుంది.

అపోహ: వ్యాఖ్య రాయాలంటే పండితులై ఉండాలి.

వాస్తవం: ఈ భయంతో ఎంతమంది, అందులో ఆడవాళ్ళు మరీ, చదివింది లోపలే దాచుకుంటారో! మా గ్రూపులో బట్టలు కుట్టే ఒకావిడ పాతకాలపు వంటపాత్రల మీద వ్యాసం పెట్టి "మా అమ్మ రాచ్చిప్పలో కాచిన పులుసు గుర్తొచ్చింది" అని ఒక్క వాక్యం రాసింది. ఆ నెలలో నేను పెట్టిన వాటన్నిటికన్నా దాని గురించే ఎక్కువమంది మాట్లాడారు. అక్షరదోషాలుంటే ఉండనీండి, రాయండి.

అపోహ: తప్పు పంపితే డిలీట్ చేస్తే సరిపోతుంది.

వాస్తవం: మీ గ్రూపులో పోతుంది. అప్పటికే ఫార్వర్డ్ అయినవి పోవు. సోమశిల ప్రాజెక్టు మీద ఒక పాత వ్యాసాన్ని కొత్తదనుకుని నేనే ఒకసారి పెట్టాను. మధ్యాహ్నానికి చూసుకుని తీసేయబోయి ఆగాను. దాని కిందే రాశాను: "పొద్దున పెట్టిన వ్యాసం 2018 నాటిది, తేదీ సరిగా చూడలేదు, పొరపాటు నాదే. ఎవరికైనా పంపి ఉంటే వాళ్ళకూ ఈ మాట చేర్చండి." సాయంత్రానికి ముగ్గురు తమ గ్రూపుల్లో కూడా చెప్పామని జవాబిచ్చారు. వాళ్ళలో ఇందుకూరుపేట రైతు ఒకరు.